గోదావరి గాలం చేత్తో కోహో సాల్మన్ పట్టాలంటే

మీ ప్రశ్నలో రెండు విషయాలున్నాయండి. సెప్టెంబరులో సియాటెల్‌లో ఉన్న అక్కగారింటికి వెళ్తున్నారు, అక్కడి నదుల్లో ఫ్లై రాడ్‌తో, అంటే ఈకలతో కట్టిన తేలికపాటి ఎరని విసిరే కర్రతో, కోహో సాల్మన్ ఎలా పట్టాలన్నది మొదటిది. ఆ రాడ్ వెంట తెచ్చుకుంటే మన రాజోలు వైపు పులస పడుతుందా అన్నది రెండోది. రెండోదానికి ముందే చెప్పేస్తాను, పడదు. ఎందుకో కింద రాస్తాను. మాది సఖినేటిపల్లి దగ్గర. ఉద్యోగం మీద వాషింగ్టన్ రాష్ట్రంలో కొన్నేళ్ళు ఉన్నాను. సెప్టెంబరు వచ్చిందంటే నా శనివారాలు స్కైకోమిష్, స్నోక్వాల్మీ నదుల ఒడ్డునే గడిచేవి.

అన్నిటికన్నా ముందు తెలుసుకోవాల్సింది, నదిలోకి వచ్చిన కోహోకి ఆకలి ఉండదు. సముద్రంలో ఏడాదిన్నర తిని బలిసి, గుడ్లు పెట్టడానికి పుట్టిన ఏటికే తిరిగి వస్తుంది. మంచినీళ్ళలోకి వచ్చాక మేత మానేస్తుంది. గుడ్లు పెట్టాక చచ్చిపోతుంది. మనకి చిన్నప్పటి నుంచి తెలిసిన గాలమంతా చేప ఆకలి మీద నడిచేది. వానపామో, పిండిముద్దో, రొయ్యపిల్లో గుచ్చి, బెండు మునిగేదాకా కూర్చుంటాం. కోహో దగ్గర ఆ ఓపిక పనికిరాదు. తన ముందు ఏదో మెదిలితే చిరాకుతోనో, సముద్రంలో ఉన్నప్పటి అలవాటుతోనో నోరు వేస్తుంది. అందుకని ఈకలతో, బొచ్చుతో, తళుకుదారంతో కట్టిన ఆ ఫ్లై చూడ్డానికి ఎలా ఉందన్నదానికన్నా ఎలా కదులుతోందన్నది ముఖ్యం.

ఎక్కడ వెయ్యాలన్న దగ్గర చాలామంది దెబ్బతింటారు. గలగలా పారే నీళ్ళు చూడ్డానికి బాగుంటాయి, అక్కడే నిలబడిపోతారు. కోహో నెమ్మది నీళ్ళ చేప. ప్రవాహం పక్కకు తిరిగి దాదాపు ఆగిపోయిన మడుగులు, పెద్ద చెట్టు కూలి అడ్డంపడిన చోటు, నీళ్ళు సుడి తిరిగి వెనక్కి నడిచే మలుపులు, చిన్న వాగు వచ్చి కలిసే మొగ, ఇలాంటి చోట్ల గుంపుగా ఆగుతుంది. లంకల్లో తిరిగినవాళ్ళకి ఇది కొత్త కాదు. వరద తీశాక లంక తోక దగ్గర నీళ్ళు ఎక్కడ నిలబడతాయో చూసే కన్ను అక్కడా పనిచేస్తుంది. ఒడ్డుకు చేరగానే దిగిపోకుండా కాసేపు ఊరికే చూడండి. చేప వీపు తేల్చి దొర్లుతుంది, ఒక్కోసారి గాల్లోకి ఎగురుతుంది. ఎగిరిన చేపే పడుతుందని ఆశపడకండి. అక్కడ గుంపు ఉందని మాత్రం తెలుస్తుంది.

తెల్లవారుజామున వెలుగు వచ్చీరాని మొదటి గంట బంగారం. ఎండ నీళ్ళ మీద పడ్డాక చాలా చేపలు నోరు కట్టేసుకుంటాయి. వాన పడి నది పెరిగి, మళ్ళీ తీస్తూ తేటపడుతున్న రోజుల్లో సముద్రం నుంచి కొత్త చేప లోపలికి వస్తుంది. అప్పుడు బావగారిని ఎలాగోలా ఒప్పించి కారు తీయించండి.

ఇక లాగే పద్ధతి. ఫ్లై నీళ్ళలో పడ్డాక కాస్త దిగనివ్వండి. రాడ్ కొనని దాదాపు నీటికి ఆనేలా కిందకి పెట్టి, ఎడం చేత్తో దారాన్ని జానెడు జానెడు చొప్పున చురుగ్గా లాగండి. రెండు మూడు లాగులు, ఒక ఆపు. ఆ ఆపులోనే ఉంది పనంతా. క్లౌజర్ మిన్నో అనే రకం ఫ్లైకి తల దగ్గర బరువైన కళ్ళు ఉంటాయి. ఆపగానే ముక్కు కిందకి వేసి జారుతుంది, లాగితే పైకి లేస్తుంది. నాకు ఎక్కువగా చేప తగిలింది ఆ జారేటప్పుడే. వెనక నీడలా వస్తూ అందుకోకపోతే లాగే వేగం మార్చండి. కోహోకి వెంటపడే గుణం ఎక్కువ, మీ కాళ్ళ దాకా వచ్చేస్తుంది. కాబట్టి చివరి బారెడు దూరంలో కూడా తొందరపడి ఫ్లైని పైకి తీసేయకండి.

మన గోదావరి చేతికి అసలు చిక్కు ఆ తర్వాత వస్తుంది. బెండు మునగ్గానే కర్ర ఎత్తి గుంజడం మనకి ఒంట్లో జీర్ణించుకుపోయిన అలవాటు. అక్కడ రాడ్ ఎత్తారంటే ఫ్లై చేప నోట్లోంచి జారి వచ్చేస్తుంది. బరువు తగలగానే రాడ్‌ని కదపకుండా ఎడం చేత్తో దారాన్ని గట్టిగా ఒక్క గుంజు గుంజాలి. గుచ్చుకుందని తెలిశాక రాడ్ ఎత్తండి. పడ్డాక కోహో మెలికలు తిరుగుతుంది, నీళ్ళ మీద దొర్లుతుంది, ఉన్నట్టుండి మీ వైపే దూసుకొస్తుంది. అప్పుడు దారం వదులైతే చేప లేనట్టే.

రంగుల గురించి పుంఖానుపుంఖాలుగా వాదించుకుంటారు గానీ నేను నాలుగు రకాలతో బండి లాగించాను: చిలకపచ్చ, గులాబీ, ఊదా, నలుపు. నీళ్ళు మసగ్గా ఉంటే పెద్దది, తేటగా ఉంటే చిన్నది. ఒకే మడుగులో ఎంతసేపు వేసినా ఉలుకూ పలుకూ లేకపోతే దానికి విశ్రాంతి ఇచ్చి ఇంకో మడుగుకి వెళ్ళడమే మంచిది.

సామాను విషయం క్లుప్తంగా: ఎనిమిదో నంబరు, తొమ్మిది అడుగుల రాడ్, విమానంలో తేవడానికి నాలుగు ముక్కలుగా విడిపోయేది. కొన మునిగే సింక్ టిప్ లైను, లేదా మొత్తం నెమ్మదిగా మునిగే ఇంటర్మీడియట్ లైను. లైనుకీ ఫ్లైకీ మధ్య కట్టే సన్న దారం, అంటే లీడరు, మూడు నాలుగు అడుగులు చాలు. పొడుగైతే దారం మునిగినా ఫ్లై పైనే తేలుతుంది.

విసరడం మాత్రం ఇక్కడే నేర్చుకుని వెళ్ళండి. మామూలు గాలంలో సీసం గుండు బరువు దారాన్ని లాక్కెళ్తుంది. ఫ్లైకి అంత బరువుండదు, లావుపాటి ఆ లైను బరువే దాన్ని మోసుకెళ్తుంది. లైను వెనక పూర్తిగా చాచుకునేదాకా ఆగి, అప్పుడు ముందుకు వెయ్యాలి. తొందరపడితే అంతా నెత్తిన పడుతుంది. కోనసీమలో కాలువ గట్టు మీద నిలబడితే వెనకంతా కొబ్బరి మట్టలే కాబట్టి, దాళ్వా కోసేసిన చేలోకి వెళ్ళి, గాలం బదులు ఊలు ముక్క కట్టి సాధన చెయ్యండి. చూసినవాళ్ళు నవ్వుతారు, నవ్వనివ్వండి. వెనక చెట్లు ఉన్నప్పుడు లైనుని వెనక్కి చాచకుండా వేసే రోల్ కాస్ట్ మాత్రం నీళ్ళ మీదే కుదురుతుంది, దానికి ఏ పంటకాలువైనా చాలు.

రూల్స్ దగ్గర అశ్రద్ధ వద్దండి, అక్కడ జరిమానాలు గట్టిగా ఉంటాయి. వాషింగ్టన్ రాష్ట్ర చేపలు, వన్యప్రాణుల శాఖ లైసెన్సు, దాంతో పాటు పట్టిన సాల్మన్‌ని రాసుకునే కార్డు ఉండాలి. ఏ నది ఏ రోజుల్లో తెరిచి ఉంటుందో మధ్యలో కూడా మారిపోతుంది, బయల్దేరే రోజు వాళ్ళ వెబ్‌సైట్ చూసుకోండి. చాలాచోట్ల కొన దగ్గర వెనక్కి తిరిగిన ముల్లు లేని గాలమే వాడాలి. వీపు మీద, తోకకి ముందు ఉండే చిన్న కండ రెక్కని కత్తిరించి ఉంటే అది హేచరీలో పెంచి వదిలిన చేప. ఆ రెక్క ఉంటే సహజంగా పుట్టింది, అలాంటివాటిని చాలా నదుల్లో వదిలేయాలి, అదీ నీళ్ళలోంచి పూర్తిగా బయటికి తీయకుండా. నోటికి కాకుండా ఒంటికి గుచ్చుకున్న చేపను ఉంచుకోకూడదు. బేసి సంవత్సరాల్లో పింక్ సాల్మన్ కూడా అదే సమయానికి ఎక్కుతుంది. తోకంతా పెద్ద మచ్చలుంటే పింక్, తోక పై సగంలోనే చిన్న మచ్చలుండి చిగుళ్ళు తెల్లగా ఉంటే కోహో.

గోదాట్లో ఈత కొట్టిన ధైర్యంతో నడుం లోతుకి దిగకండి. ఆ నీళ్ళు కొండల మీది మంచు నీళ్ళు. వేడర్స్, అంటే ఛాతీ దాకా వచ్చే నీరు చొరని లాగు, వేసుకుంటే నడుముకి బెల్టు తప్పనిసరి, లేకపోతే జారిపడ్డప్పుడు వాటి నిండా నీళ్ళు చేరతాయి.

పట్టింది ఇంటికి తెస్తే పులుసు పెట్టుకోవచ్చు. "ముల్లు లేని చేపకి పులుసేంటి" అని మా ఆవిడ వేపుడే చేసేది. ఒళ్ళు ఎర్రబడి, ముక్కు వంకర తిరిగిన చేప మాత్రం తెచ్చుకోవద్దు, కండ చప్పబడిపోయి ఉంటుంది.

ఇప్పుడు పులస. రెండూ సముద్రం నుంచి ఎదురీది వచ్చి ఏట్లో గుడ్లు పెట్టేవే, మీ ఆలోచన అక్కడే పుట్టి ఉంటుంది. కానీ కోహో వేటాడే చేప. మన ఇలస (సముద్రంలో ఉన్నప్పుడు పులసకి అదే పేరు) మొప్పల దగ్గరి జల్లెడతో నీళ్ళని వడకట్టుకుని, కంటికి ఆనని నలుసుల్ని తినేది. గుడ్లు పెట్టాక చావదు కూడా, సముద్రానికి తిరిగి పోతుంది. తమాషా ఏంటంటే, అమెరికాలో దీని వరసకు చుట్టమైన షాడ్ అనే చేప ఉంది, జూన్‌లో కొలంబియా నదిలో చిన్న తళుకు ఫ్లైలకి బాగానే పడుతుంది. మరి మనది ఎందుకు పడదంటారా? పులస ఎక్కేది జూలై నుంచి సెప్టెంబరు దాకా, ఎర్రనీళ్ళలో. చెయ్యి ముంచితే వేళ్ళు కనబడని ఆ బురద వరదలో ఫ్లై ఎవరికి కనబడుతుంది? పైకి వెళ్దామన్నా 1852లో పూర్తయిన కాటన్ ఆనకట్ట కాలం నుంచి ధవళేశ్వరంలో దాని దారికి అడ్డుకట్ట ఉండనే ఉంది. పులసకి వలే గతి, మనకి రేవులో వేలంపాటే గతి.

రాడ్ మాత్రం తప్పకుండా తెచ్చుకోండి, పండుగప్ప కోసం. ఇది కోహోకి తిరగేసిన జాతి: పుట్టేది సముద్రం వైపు ఉప్పునీళ్ళలో, పెరగడానికి పాయల్లోకి, కాలువల్లోకి వస్తుంది. పైగా ఎప్పుడూ ఆకలే. వరద పోయి నీళ్ళు తేటపడ్డాక, శీతాకాలంలో అంతర్వేది నుంచి ఓడలరేవు దాకా మొగల దగ్గర ప్రయత్నించండి. పాటు మొదలై నీళ్ళు తీస్తుంటే డ్రైన్ల తూముల్లోంచి చిన్న చేప బయటికి కొట్టుకొస్తుంది, పండుగప్ప ఆ నోటి దగ్గరే కాపు కాస్తుంది. తెల్లటి క్లౌజర్ వేసి, అదే లాగు, అదే ఆపు, అదే ఎడం చేతి గుంజు. తేడా లీడరులోనే. దీని మొప్ప రేకులు బ్లేడులా కోస్తాయి కాబట్టి చివర నలభై పౌండ్ల దారం ఒక అడుగు కట్టండి, పట్టుకునేటప్పుడు వేళ్ళు ఆ రేకుల కింద పెట్టకండి. మరీ పెద్దది పడితే వదిలేయమంటాను. పండుగప్ప ముందు మగదిగా పెరిగి తర్వాత ఆడదవుతుంది, పెద్దవన్నీ గుడ్లు పెట్టేవే. కోరింగ మడ అడవి అభయారణ్యం, అనుమతి లేకుండా అందులోకి రాడ్ తీసుకెళ్ళకండి. ఇంటికి రాగానే రీలుని మంచినీళ్ళతో కడిగి ఆరబెట్టండి, మన మొగల ఉప్పు దాన్ని ఒక్క సీజన్‌లోనే తినేస్తుంది.