మా అబ్బాయికి రైలు మోడల్స్ పిచ్చి, దీంతో చదువు ఏమైనా ఉందా?

ప్రశ్న: మేము కాజీపేటలో ఉంటాం, మా ఆయన రైల్వేలో చేస్తారు. బాబు ఇంటర్ ఫస్టియర్ ఎంపీసీ. రెండేళ్ల నుంచి డాబా మీద గదిలో ప్లైవుడ్ షీట్ వేసి చిన్న పట్టాలు పరిచి చుట్టూ గుట్టలు, స్టేషన్, చెట్లు చేస్తున్నాడు. రైలు నడిపేది తక్కువ, ఆ గుట్టలకి రంగులేసేదే ఎక్కువ. ఆకుల కోసమని స్పాంజ్ ముక్కలు గ్రైండ్ చేసి మిక్సీ జార్ కూడా పాడుచేశాడు. మార్కులు 80 శాతం దాకా వస్తున్నాయి. ఇది ఆపించమంటారా, లేక దీంతో ఏమైనా చదువు, ఉద్యోగం ఉందా?

జవాబు: ఆపించొద్దమ్మా. ముందు ఆ మాట చెప్పేసి మిగతాది మాట్లాడతా. "రైలు నడిపేది తక్కువ, రంగులేసేదే ఎక్కువ" అని రాశారు చూశారా, నాకు కావాల్సిందంతా ఆ ఒక్క మాటలోనే ఉంది. రైలు లేఅవుట్, అంటే పట్టాలు, గుట్టలు, స్టేషన్ కలిపి పేర్చిన ఆ మోడల్ మొత్తం, బయటివాళ్లకి ఒకటే బొమ్మలా కనిపిస్తుంది గానీ లోపల వేరే వేరే పనులుంటాయి, వైరింగ్ ఒకటి, ఇంజన్ మెకానిజం ఒకటి, బిల్డింగులు కట్టడం ఒకటి, నేల, గుట్ట, చెట్టు తయారుచేయడం ఇంకొకటి. పిల్లాడి చెయ్యి దేని మీదకి పోతోందో చూడాలి. వైరింగ్ మీదకి పోతుంటే ట్రిపుల్ఈ చదివించండి అనేవాణ్ణి, మీ బాబు చెయ్యి బిల్డింగుల మీద, నేల మీద ఉంది కాబట్టి దారి ఆర్కిటెక్చర్ వైపు, డిజైన్ వైపు పోతుంది.

వాడు పైన గదిలో ఏం చేస్తున్నాడో మీకు కొంచెం చెప్పాలి. ఎక్కువమంది వాడే స్కేల్ 1:87, అంటే అసలుదానిలో 87వ వంతు సైజు, దాన్నే హెచ్ఓ అంటారు. ఆ లెక్కన 21.3 మీటర్ల పాత ఐసీఎఫ్ కోచ్, అదే చెన్నై ఫ్యాక్టరీలో తయారైన పాత రకం రైలు పెట్టె, దాదాపు ఇరవై నాలుగున్నర సెంటీమీటర్లు అవుతుంది. బాగానే ఉంది కదా అనుకుంటాం, కానీ 24 కోచ్‌ల రైలు నిలబడే ప్లాట్‌ఫాం అదే లెక్కలో చేస్తే ఆరున్నర మీటర్లు, మీ గదిలో పట్టదు. రాజమండ్రి దగ్గర గోదావరి మీద ఆర్చ్ బ్రిడ్జి ఉంది కదా, 1997 లో పూర్తయింది, ఒక్కో స్పాన్, అంటే రెండు స్తంభాల మధ్య భాగం, 97.55 మీటర్లు, మోడల్‌లో ఒక్క స్పానే 112 సెంటీమీటర్లు వస్తుంది, అలాంటివి 28. మరి ఎన్ని స్పాన్లు తీసేసినా చూసినవాడు "అరే ఇది గోదావరి బ్రిడ్జే" అనాలంటే ఏది ఉంచాలి, ఏది వదిలేయాలి? ఆర్కిటెక్చర్ స్టూడియోలో ఇదే ప్రశ్న వేరే రూపంలో మళ్లీ మళ్లీ వస్తుంది, మీ వాడు పదహారేళ్లకే దానితో కుస్తీ పడుతున్నాడు.

ఇంకో సంగతి, విదేశాల నుంచి వచ్చే కిట్లు ఎక్కువగా జర్మనీ, అమెరికా ఊళ్లవి, పైన్ చెట్లు, ఏటవాలు పెంకుల ఇళ్లు. మన తాటిచెట్టు, తుమ్మచెట్టు, ఎర్ర చల్క నేల ఏ డబ్బాలోనూ రావు, సొంతంగా చేసుకోవాల్సిందే. దోమల జాలి మీద ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌లో తడిపిన గుడ్డ వేసి గుట్ట, రంపపు పొట్టుకి రంగు పట్టించి గడ్డి, ఫెవికాల్‌లో నీళ్లు, ఒక చుక్క గిన్నెల సబ్బు కలిపి కంకర అతికించడం, సబ్బు లేకపోతే ఆ నీళ్లు కంకర మీదే ముత్యాల్లా నిలబడిపోతాయి, లోపలికి దిగవు. రైళ్లు రోజూ బ్రేకులేసి ఆగే చోట కంకర తుప్పు రంగులోకి తిరుగుతుంది, బ్రేకుల నుంచి రాలే ఇనుప పొడి వల్ల, స్టేషన్ దాటాక అదే కంకర బూడిద రంగులో ఉంటుంది. ఈ తేడా మీ వాడి లేఅవుట్‌లో ఉందేమో ఒకసారి వెళ్లి చూడండి, ఉంటే వాడికి గమనించే కన్ను ఉన్నట్టే, ఆ కన్ను ఏ కోచింగ్ సెంటర్‌లోనూ దొరకదు.

ఇక చదువు. ఎంపీసీ కాబట్టి బీఆర్క్‌కి, అంటే ఆర్కిటెక్చర్ డిగ్రీకి, ఇబ్బంది లేదు, ఐదేళ్ల కోర్సు, నాటా అనే ఆర్కిటెక్చర్ ఎంట్రన్స్ రాయొచ్చు లేదా జేఈఈ మెయిన్‌లో పేపర్ 2ఏ రాయొచ్చు. విజయవాడలో ఎస్పీఏ (స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్) ఉంది, దానికి జేఈఈ పేపరే కావాలి. హైదరాబాద్‌లో జేఎన్ఏఎఫ్ఏయూ (జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ) ఉంది, అక్కడ నాటా. రెండోది బీడిజైన్, నాలుగేళ్లు. ఐఐటీ హైదరాబాద్‌లో యూసీడ్ అనే డిజైన్ ఎంట్రన్స్ ద్వారా సీటు, ఎన్ఐడీ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్)కి వేరే ఎంట్రన్స్, మన ఆంధ్రప్రదేశ్‌లోనూ ఎన్ఐడీ ఉంది గానీ మ్యూజియంలు, ఎగ్జిబిషన్లకి సంబంధించిన డిజైన్ కోర్సు కావాలంటే అహ్మదాబాద్ చూడండి. నా మనసు మీ వాడి విషయంలో ఎన్ఐడీ వైపే లాగుతోంది, ఎందుకంటే దాని ఎంట్రన్స్ రెండో దశ మెయిన్స్‌లో స్టూడియో టెస్ట్ ఉంటుంది, చేతికి మెటీరియల్ ఇచ్చి చేసి చూపించమంటారు, అక్కడ పుస్తకాల పిల్లలు తడబడతారు. సీట్లు మాత్రం చాలా తక్కువ, అందుకని ఒక్క దాని మీదే ఆశ పెట్టుకోకుండా ఆర్కిటెక్చర్ ఎంట్రన్స్ కూడా రాయించండి. సెకండియర్‌లో దసరా ముందు నుంచే ఈ నోటిఫికేషన్లు చూస్తూ ఉండండి, ఎప్‌సెట్ హడావుడిలో పడి చాలామంది ఇవి మిస్ అయిపోతారు.

ఉద్యోగం గురించి దాచకుండా చెప్తా. ఒక్క రైలు మోడల్స్ చేసి బతకడం మన దేశంలో కష్టం. జర్మనీలో హాంబర్గ్‌లో 2001 లో ఇద్దరు కవల అన్నదమ్ములు మినియేచర్ వండర్‌లాండ్ తెరిచారు, దాన్ని చూడటానికే ప్రపంచం నలుమూలల నుంచి జనం వస్తారు, అక్కడ అది పూర్తి స్థాయి ఉద్యోగం. మన దగ్గర అదే చేతిపని వేరే పేర్లతో అమ్ముడుపోతుంది, రియల్ ఎస్టేట్ ఆఫీసుల్లో గాజు పెట్టెలో కనిపించే అపార్ట్‌మెంట్ మోడళ్లు చేసే వర్క్‌షాపులు, సైన్స్ మ్యూజియంలు, సినిమా ఆర్ట్ డిపార్ట్‌మెంట్, రైల్వే ట్రైనింగ్ స్కూళ్లలో స్టేషన్ మాస్టర్లకి పాఠాలు చెప్పే మోడల్ రూములు. మొదట్లో జీతాలు సాఫ్ట్‌వేర్‌తో పోల్చుకునేలా ఉండవు, అది తెలిసే దిగాలి. ఇప్పుడు సన్‌బోర్డ్ (తేలికైన ఫోమ్ షీట్), యాక్రిలిక్ షీట్లని లేజర్ మెషీన్ కోస్తోంది, చిన్న కిటికీలు త్రీడీ ప్రింటర్ ఇస్తోంది, కాబట్టి కంప్యూటర్‌లో డ్రాయింగ్ వేయడం ఇప్పటినుంచే నేర్చుకోమనండి, రంగు, నేల, చెట్టు పని మాత్రం ఇప్పటికీ చేత్తోనే.

ఇప్పుడు ఇంట్లో చేయాల్సింది. లేఅవుట్ మొత్తం పెంచుకుంటూ పోవద్దనండి, ఆదివారం సగం రోజు దీనికి, అంతే. ఆ టైంలో ఒక్క బిల్డింగ్ తీసుకుని పూర్తిగా ముగించాలి, 1916 నాటి కాచిగూడ స్టేషన్ అయితే నాకు చాలా ఇష్టం, ఆ గుమ్మటాలు, ఆర్చీలు చేయడానికి ఓపిక పరీక్షే. వెళ్లి ఫొటోలు తీసుకుని, అడుగులతో కొలిచి, పేపర్ మీద గీసి, అట్టతో ఒకసారి చేసి, తర్వాత అసలుది. ప్రతి దశకీ ఫొటో, పక్కన స్కేలు పెట్టి, పాడైనవి కూడా ఉంచాలి. ఇంటర్వ్యూలో ఫైనల్ మోడల్ కన్నా ఎలా ఆలోచించాడో చూపించే ఫొటోలే ఎక్కువ మాట్లాడతాయి. యాక్రిలిక్ అతికించడానికి కొంతమంది క్లోరోఫాం వాడతారు, తలుపులు మూసిన గదిలో అది అస్సలు వద్దు, పెద్దవాళ్లు పక్కన లేకుండా ముట్టుకోనివ్వకండి. స్పాంజ్‌కి ఓ పాత మిక్సీ జార్ వేరే ఇచ్చేయండి.

సెలవుల్లో పూణె తీసుకెళ్లండి, మీకు రైల్వే పాసు ఉంటుంది కదా. కోత్రుడ్‌లో జోషీ గారి మినియేచర్ రైల్వే మ్యూజియం 1998 నుంచి ఉంది. మీ ఆయన్ని కూడా తప్పకుండా రమ్మనండి, సిగ్నల్స్ ఎక్కడ తప్పుగా పెట్టాడో వాడికి చెప్పగలిగే మనిషి ఇంట్లోనే ఉన్నారు, ఆయన ఇంతవరకు ఆ డాబా గదిలోకి వెళ్లి కూర్చున్నారో లేదో మీరు రాయలేదు.