సింహాద్రిని సింహాచలం చేయవచ్చునా?

సందేహం: పేరులో కొండ గానీ పర్వతం గానీ ఉన్న తెలుగు పుస్తకాల పట్టిక ఒకటి తయారుచేస్తున్నాను. అద్రి, అచలం, గిరి, శైలం, పర్వతం అన్నీ కొండే కదా, అన్నిటినీ ఒకే మాట కిందికి తేవచ్చునా? 'సింహాద్రి నారసింహ శతకము'ను ఇప్పటి ఊరి పేరును బట్టి 'సింహాచల నారసింహ శతకం' అని రాస్తే తప్పా? 'మల' అంటే కొండే అయినప్పుడు 'నల్లమల కొండలు' పునరుక్తి కాదా?

సమాధానం: నిఘంటువు దగ్గర ఆగిపోతే మీ మొదటి ఆలోచన సబబే. సంస్కృత నిఘంటువు అమరకోశం రాసిన అమరసింహుడు శైలవర్గం ఎత్తుకుంటూనే

మహీధ్రే శిఖరి క్ష్మాభృ దహార్య ధర పర్వతాః
అద్రి గోత్ర గిరి గ్రావాచల శైల శిలోచ్చయాః

అని ఒక్క శ్లోకంలో 13 పేర్లు చెప్పి వదిలేశాడు. వల్లించినవారికి ఈ పదమూడూ ఒకటే. పద్యం రాసేవాడికి కావు, పుస్తకానికి పేరు పెట్టేవాడికి అసలే కావు. మీరు ఉదహరించిన శతకమే దీనికి మంచి సాక్ష్యం.

గోగులపాటి కూర్మనాథకవి 18వ శతాబ్దివాడు. ఆయన శతకం సీసపద్యాలలో ఉంది. ప్రతి సీసం కిందా ఎత్తుగీతి అనే చిన్న పద్యం వస్తుంది. దాని చివరి పాదమే మకుటం, అంటే ప్రతి పద్యంలోనూ తిరిగి వచ్చే పాదం:

వైరిహరరంహ సింహాద్రి నారసింహ

ఇది తేటగీతి పాదం. ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, మళ్లీ రెండు సూర్యగణాలు రావాలి. గణమంటే గురువుల (బరువైన అక్షరాల), లఘువుల (తేలికైన అక్షరాల) కూర్పు. 'వైరి' హగణం (గురువు, లఘువు). 'హరరంహ' సలం (రెండు లఘువులు, గురువు, లఘువు). 'సింహాద్రి' తగణం (రెండు గురువులు, లఘువు). 'నార', 'సింహ' మళ్లీ రెండు హగణాలు. ఇప్పుడు మూడో గణం తీసి మీ 'సింహాచల' పెట్టి చూడండి. రెండు గురువులు, రెండు లఘువులు వచ్చాయి. ఆరు ఇంద్రగణాలలో అలాంటిది లేదు, పాదం కూలిపోయింది. 'సింహగిరి' పెడితే ఒక గురువు, మూడు లఘువులు. అదీ ఇంద్రగణం కాదు. 'సింహశైల' అంటే రెండు హగణాలై ఒక గణం ఎక్కువవుతుంది. పదమూడు పర్యాయపదాలున్నా ఆ చోట నిలిచేది అద్రి ఒక్కటే అన్నంత పని జరిగింది.

అంతటితో అయిందా? మొదటి గణానికీ నాలుగో గణానికీ యతి కుదరాలి, అంటే వాటి మొదటి అక్షరాలకు మైత్రి ఉండాలి. 'వై'కీ 'నా'కూ మైత్రి లేదు. కవి ప్రాసయతి వేశాడు, అంటే మొదటి అక్షరాలకు బదులు రెండో అక్షరాలను కలిపాడు: వైరి, నార. రెండో అక్షరం రేఫ. అందుకే 'నరసింహ' అనకుండా 'నారసింహ' అన్నాడు. 'నర' రెండు లఘువులే, సూర్యగణానికి చాలదు. 'రంహ' అంటే వేగం. అది 'సింహ'తో ప్రాసలాగా మోగాలని ఏరి తెచ్చుకున్న మాట. ఇన్ని లెక్కలు కలిసి నిలబెట్టిన పేరు కనుకనే శతకానికి ఆ పేరు వచ్చింది. ఊరిని సింహాచలం అనండి, శతకాన్ని మాత్రం సింహాద్రి అనే రాయండి. కందంలో అయితే 'సింహాచల' హాయిగా ఇముడుతుంది: ముందు గగం (రెండు గురువులు), తరువాతి గణానికి రెండు లఘువులు. ఈ శతకం కందాలలో లేదు, అంతే.

ఇదే లెక్క వేంకటాద్రికీ వర్తిస్తుంది. అద్రి, అచలం అచ్చుతో మొదలయ్యే మాటలు. ముందున్న అకారంతో కలిసి సవర్ణదీర్ఘం అవుతాయి, అంటే ఒక గురువు పుడుతుంది. గిరి, నగం, శైలం హల్లుతో మొదలవుతాయి, సంధి లేదు, ముందున్న లఘువు లఘువుగానే మిగులుతుంది. ఫలితం ఇది: 'వేంకటశైల'తో ఉత్పలమాల ఎత్తుకోవచ్చు, 'వేంకట' భగణం (గురువు, రెండు లఘువులు), 'శైల'తో రగణం (గురువు, లఘువు, గురువు) మొదలవుతుంది. 'వేంకటాద్రి'తో ఉత్పలమాల ఎత్తుకోలేరు. కానీ తేటగీతి పాదం చివర రెండు సూర్యగణాల స్థానంలో అది అతికినట్టు కూర్చుంటుంది.

అన్నమయ్య దగ్గరికి వస్తే ఈ విద్య ఇంకా సూక్ష్మంగా కనిపిస్తుంది. 'అదివో అల్లదివో శ్రీహరివాసము' అందరికీ వచ్చిన పాటే. పల్లవిలో కొండ అన్న మాటే లేదు. 'పదివేల శేషుల పడగల మయము' అని ఊరుకున్నాడు. మొదటి చరణంలో 'అదె వేంకటాచల మఖిలోన్నతము'. రెండో చరణంలో 'చెంగట నల్లదివో శేషాచలము'. మూడో చరణంలో 'కైవల్యపదము వేంకటనగ మదివో'. ఒక్క పాటలో ఒక్క కొండకు మూడు పేర్లు! పల్లవిలో చూపిన పడగలకు పేరు తగిలించింది రెండో చరణంలోని శేషాచలం. మరి మూడో చరణంలో 'నగం' ఎందుకు వచ్చింది? దాని కింది పాదం చూడండి: 'శ్రీవేంకటపతికి సిరులైనది'. పైన వేంకటనగ, కింద వేంకటపతి. ఒక గురువు, నాలుగు లఘువులు, రెండూ ఒకే తూకం. కొండా కొండమీది దేవుడూ ఒకే బరువున పలుకుతున్నారు. 'వేంకటగిరి' అన్నా తూకం నిలిచేది. కానీ 'గిరి యదివో' అని యడాగమం తెచ్చుకోవాలి. 'నగ మదివో' అంటే గొంతు తడబడదు. ఈ పాటను అచ్చువేసేవారు అర్థం తేలిక చేద్దామని 'వేంకటాచల మదివో' అని దిద్దితే అన్నమయ్యను దిద్దినట్టే.

ప్రస్తుతం వేంకటగిరి అనగానే చాలామందికి తట్టేది సంస్థానం, ఊరు, చీర. కాబట్టి పేరులో వేంకటగిరి ఉన్న పుస్తకాన్ని లోపల చూడకుండా తిరుమల కొండ కింద చేర్చవద్దు.

పెద్దన ముచ్చట ఒక్కటి చెప్పి ముందుకు పోతాను. మనుచరిత్రలో ప్రవరుడు చేరిన చోటిని వర్ణించే పద్యం 'కటకచరత్కరేణు కరకంపిత సాలము శీతశైలమున్' అని ముగుస్తుంది. హిమాలయాన్ని శీతశైలం అన్నాడు, ఏకవచనంలో అన్నాడు. అందులో 'కటకం' కొండ నడుము, చరియ. ఆ అర్థం ఇవాళ దాదాపు ఎవరికీ తెలియదు. దండు విడిసిన చోటు, నగరం, కడియం అన్న అర్థాలు నిఘంటువులో చూసుకోండి.

ఇక పర్వతం. దీని పుట్టుక పుస్తకాలవారికి ప్రీతికరమైనది. 'పర్వం' అంటే కణుపు, గనుపు. చెరకుగడలో గనుపుకూ గనుపుకూ మధ్య ముక్కలున్నట్టు, ఒకదాని వెనుక ఒకటిగా కీళ్లతో సాగేది పర్వతం. 'తప్ పర్వమరుద్భ్యామ్' అనే వార్తికం (పాణిని సూత్రాలకు చేర్పుగా వచ్చిన వాక్యం) 'పర్వ' మీద 'త' చేర్చి ఈ మాటను సాధించింది. భారతాన్ని 18 ముక్కలు చేసి పర్వాలన్నది ఆ కణుపులను బట్టే. చాంద్రమాసంలో పక్షానికీ పక్షానికీ మధ్య కీలులా వచ్చే పున్నమ, అమావాస్య కనుక అవి పర్వదినాలు. ఆదిపర్వమూ హిమవత్పర్వతమూ ఒకే కాండానికి కాసిన మాటలు! కాబట్టి బరువంతా శిలమీద ఉంటే శైలం (శిలలు కలది), కదలనిదనే ధ్వని కావాలంటే అచలం, నగం, వరసలు వరసలుగా సాగేదైతే పర్వతం అనడం ఔచిత్యం. కవులు దీన్ని కచ్చితంగా పాటించారని చెప్పలేను. ఛందస్సు అడిగినప్పుడు ఔచిత్యం పక్కకు తప్పుకున్న చోట్లు చాలా ఉన్నాయి. వచనంలో పేరు పెట్టేవారికి ఆ సంకెల లేదు కదా, వారైనా చూసుకోవచ్చు.

పాల్కురికి సోమనాథుని పండితారాధ్య చరిత్రలో ఐదో ప్రకరణం పేరు 'పర్వత ప్రకరణము'. అక్కడ పర్వతం అంటే ఏదో ఒక కొండ కాదు, శ్రీపర్వతం, శ్రీశైలం. శివరాత్రికి అక్కడికి సాగే యాత్ర అందులోని వస్తువు. శివభక్తుల నోట 'పర్వతం' విశేషనామం అయిపోయింది. దాన్ని తీసి 'కొండ ప్రకరణం' అంటే ఏం మిగులుతుంది? అయితే ఇక్కడ ఒక చిక్కుంది. సాతవాహనుల తరువాత ఆంధ్రదేశంలో ఏలిన ఇక్ష్వాకుల కాలపు శాసనాలలో శ్రీపర్వతం నాగార్జునకొండ ప్రాంతం. పురాణాలు వారిని శ్రీపర్వతీయులన్నాయి. మధ్యయుగపు శైవగ్రంథాలలోకి వచ్చేసరికి ఆ మాట శ్రీశైలం మీద స్థిరపడింది. మీ పట్టికలో శ్రీపర్వతం కనిపిస్తే ముందు ఆ పుస్తకం ఏ కాలపు విషయం చెబుతున్నదో చూసి, కుండలీకరణంలో స్థలం పేరు రాయండి.

నల్లమల కొండల సంగతి. 'మల' ద్రావిడమాట. తమిళంలో మలై, కన్నడంలో మలె, మలయాళంలో మల. తెలుగులో విడిగా వాడటం తగ్గి తిరుమల, నల్లమల, ఎర్రమల లాంటి పేర్లలో అతుక్కుని మిగిలింది. విడిగా వాడని మాటకు అర్థం మరుగునపడుతుంది. అప్పుడు జనం పక్కన తెలిసిన మాట చేరుస్తారు. ఇది ఇప్పుడు మొదలైన అలవాటు కాదు. సంస్కృతం ఈ 'మల'నే తీసుకుని మలయం చేసుకుంది, ఆపైన 'మలయపర్వతం' అంది. అదీ కొండ కొండే! తిరుమలగిరి అన్న ఊరి పేరులోనూ మల మీద గిరి ఎక్కింది. కాబట్టి మాటల్లో 'నల్లమల కొండలు' అన్నవారిని తప్పుపట్టను. పుస్తకం అట్టమీద మాత్రం 'నల్లమల' అని ఆపితే బిగువుగా ఉంటుంది. అడవిని వేరుచేసి చెప్పాల్సి వస్తే 'నల్లమల కొండలు' అనడానికీ న్యాయం ఉంది. దీన్ని దోషమనే కంటే అలవాటు అనడం మేలు.

కానీ 'వింధ్యాచల పర్వతాలు', 'శేషాచలం పర్వతశ్రేణులు' అని రాసేవారి మీద ఆ దయ చూపలేను. 'మల' మరుగునపడింది, సరే. 'అచలం' ఏం మరుగునపడింది? వింధ్యాచలం అనవచ్చు, వింధ్య పర్వతాలు అనవచ్చు. రెండూ కలిపి మోయించడం అశ్రద్ధ. హిమాలయం వేరు. హిమానికి ఆలయం అనడంలో కొండ అనే మాటే లేదు. అందువల్ల 'హిమాలయ పర్వతాలు' అనడంలో పునరుక్తి లేదు. బహువచనమే కొత్త. కాళిదాసు 'హిమాలయో నామ నగాధిరాజః' అని ఒక్కడినే నిలబెట్టాడు.

మీరు అడగకపోయినా చెప్పక తప్పనిది ఒకటుంది. కొండల పేర్లున్న మన పాత గ్రంథాలలో చాలావరకు స్థలపురాణాలు. వాటి పేరు చివర వచ్చే మాటను ఇప్పుడు మహత్యం, మహాత్యం, మహాత్మ్యం అని తోచినట్టు అచ్చువేస్తున్నారు. మహాత్ముని భావం మాహాత్మ్యం. భావార్థక ప్రత్యయం చేరగానే ఆదివృద్ధి వచ్చి మొదటి 'మ' 'మా' అవుతుంది. 'హా'కు దీర్ఘం ముందే ఉంది. చివర తకారం కింద మకారం, యకారం రెండూ ఉండాలి. ఎక్కువగా రాలిపోయేది ఆ మవత్తు. తరిగొండ వెంగమాంబ రాసింది 'వేంకటాచల మాహాత్మ్యము'. 'వే' దీర్ఘం, మా దీర్ఘం, హా దీర్ఘం. మనుషుల పేర్లలో వెంకట అనే హ్రస్వం వాడుకలో స్థిరపడింది, దాన్ని కదిలించవద్దు. గ్రంథనామంలో వేంకట అనే ఉండాలి. తమిళుల ప్రాచీన సాహిత్యంలోనూ అది 'వేంగడం', దీర్ఘమే. పాపాలను దహించేది కనుక వేంకటమన్నది పురాణ నిర్వచనం. భక్తులకు అది చాలు, శబ్దశాస్త్రానికి చాలదు.

పట్టికలో అకారాది క్రమం పెట్టేటప్పుడు మొదటి 'శ్రీ'ని లెక్కలోకి తీసుకోవద్దు, లేకుంటే సగం పుస్తకాలు ఒక్క అక్షరం కిందే పోగుపడతాయి. శ్రీశైలం, శ్రీగిరి, శ్రీపర్వతంలో మాత్రం శ్రీ పేరులో భాగం, దాన్ని తీయకూడదు. అట్టమీద తప్పు అచ్చయి ఉంటే అచ్చయినట్టే రాసి, సరైన రూపం పక్కన ఇవ్వండి. గ్రంథాలయంలో వెతికేవారు మూడు నాలుగు వర్ణక్రమాలతోనూ వెతకాల్సిందే.

కొండలా కనిపించి కాని మాటలూ ఉన్నాయి. పోతన 'మందార మకరంద'లోని మందారం చెట్టు. పాలకడలి చిలికినది మందరం, దీర్ఘం లేదు. నాగం పాము, నగం కొండ. విశ్వనాథవారి 'గిరికుమారుని ప్రేమగీతాలు' మీ పట్టికలోకి నిస్సంకోచంగా వస్తుంది. 'పార్వతీ పరిణయం', 'గిరిజా కల్యాణం' వంటి పేర్లు చేర్చాలా వద్దా అన్నది మీ ఇష్టం. వాటిలో ఉన్నది కొండ కాదు, కొండ కూతురు. ఆ లెక్కన వసుచరిత్రలో కోలాహలపర్వతం కూతురు గిరికే నాయిక అయినా, పేరు రాజుది కనుక అది రాదు. కొండచిలువ, కొండముచ్చు, కొండనాలుక ఉన్న పేర్లను విడిగా పెట్టండి. దీపం కొండెక్కితే ఆరిపోయిందని, ధర కొండెక్కితే పెరిగిందని అర్థం.