అటక మీది సామానులో ఏది దాచుకోవాలి, ఏది బండికి వెయ్యాలి

మీరు అడిగింది ఏంటంటే, అటక మీద ఒక డబ్బా టీవీ, డీవీడీ ప్లేయరు, రెండు సెట్ టాప్ బాక్సులు, పాడైన లాప్‌టాప్, మైక్రోవేవ్, ఫ్రిజ్‌కి వాడిన పాత స్టెబిలైజరు ఉన్నాయి, పాత సామాన్ల బండాయన అన్నిటికీ కలిపి 400 ఇస్తానంటున్నాడు, ఇచ్చేయాలా, లేక పార్టులు తీసి ఏమైనా చేసుకోవచ్చా అని. నాది కావలి. ఈ పిచ్చి నాకు ఇంటర్ చదివేటప్పుడు పట్టుకుంది, ఇంకా వదల్లేదు, అందుకని కొంచెం ఎక్కువే రాస్తాను.

మొట్టమొదట, బోర్డుల మీంచి రెసిస్టర్లు, కెపాసిటర్లు ఒక్కోటీ పీకే పని పెట్టుకోవద్దు. నేను రెండేళ్ళు అదే చేశా. బిస్కెట్ డబ్బా నిండా పార్టులు పోగేశా, వాటిలో వాడింది నాలుగో ఐదో. కొత్తవి కొంటే రూపాయి, రెండు రూపాయలు. పైగా మాకు సముద్రపు గాలి, రెండు వానాకాలాలు పోతే బోర్డు మీద పచ్చగా చిలుము పడుతుంది, పీకిన పార్టు పనిచేస్తుందో లేదో తేల్చుకోవడానికే సాయంత్రం అంతా పోతుంది. పనిచేసే ముక్కని ముక్కలాగే వాడుకోవాలి. అంటే అడాప్టరు అడాప్టరుగా, స్పీకరు స్పీకరుగా, మోటారు మోటారుగా.

ఇక విప్పకూడనివి. మైక్రోవేవ్ జోలికి అసలు వెళ్ళొద్దు. లోపల 2,000 వోల్టుల పైన పనిచేసే ట్రాన్స్‌ఫార్మరు, కెపాసిటరు ఉంటాయి, ప్లగ్గు పీకేసినా ఆ కెపాసిటరులో చార్జి నిలిచి ఉండొచ్చు, అది చెయ్యి జలదరించే షాకు కాదు, ప్రాణం పోయే షాకు. గాజు పళ్ళెం తీసి ఇంట్లో ఇవ్వండి, దేనికో ఒకదానికి పనికొస్తుంది, మిగతాది మూసినట్టే బండెక్కించండి. డబ్బా టీవీ కూడా అంతే, కలర్ టీవీ పిక్చర్ ట్యూబుకి 20,000 వోల్టుల పైనే వెళ్తుంది, ఆపేశాక కూడా ట్యూబులో చార్జి మిగిలే ఉండొచ్చు. యూట్యూబులో స్క్రూడ్రైవరుకి వైరు కట్టి చార్జి తీసేస్తుంటారు, మీరు చెయ్యకండి.

లాప్‌టాప్ బ్యాటరీ విషయం వేరు. బ్యాటరీ పలచటి రకం కాకుండా లావు రకం అయితే (ఉబ్బినది కాదు) లోపల సాధారణంగా ఆరు గుండ్రటి సెల్స్ ఉంటాయి, 18650 అంటారు, అంటే 18 మిల్లీమీటర్ల లావు, 65 మిల్లీమీటర్ల పొడవు. బ్యాటరీ పోయిందంటే చాలాసార్లు అందులో ఒక జతే పోయి ఉంటుంది. నా దాంట్లో నాలుగు బాగున్నాయి. రెండు వోల్టుల కిందికి పడిపోయినవి ఉంటే ఆశపడి మళ్ళీ చార్జి ఎక్కించొద్దు, పక్కన పెట్టేయండి. సెల్ నిండా చార్జి అయితే 4.2 వోల్టులు, అంతకు మించి ఎక్కించకూడదు, దీనికి ప్రొటెక్షన్ ఉన్న చిన్న చార్జింగ్ మాడ్యూళ్ళు చవగ్గా దొరుకుతాయి. విప్పేటప్పుడు మాత్రం ప్లాస్టిక్ దాంతోనే విప్పండి. నేను ఇనుప స్క్రూడ్రైవరు పెట్టి లేపబోతే అది జారి సెల్స్‌ని కలిపే రెండు లోహపు పట్టీల మధ్య పడింది, పట్టీ ఎర్రగా కాలి, కంగారులో బ్యాటరీ కింద పడేస్తే చాప మీద రూపాయి బిళ్ళంత చిల్లు. ఆ చాప అమ్మ ఇప్పటికీ పారేయలేదు, నాకు చూపించడానికే ఉంచిందనుకుంటా. ఆ సెల్స్‌తో రెండు టార్చిలైట్లు చేశా, 2023 డిసెంబరులో మిచాంగ్ తుపానప్పుడు కరెంటు లేని రాత్రి అవే దిక్కయ్యాయి. వైఫై రూటరుకి బ్యాకప్ కూడా వీటితోనే చేద్దామనుకుంటారేమో, దానికి మూడు సెల్స్ వరసగా కలిపి సమంగా చార్జి చేసే బోర్డు కావాలి, ఇన్ని తంటాలకంటే చిన్న యూపీఎస్ కొనుక్కోవడం నయం.

అదే లాప్‌టాప్‌లో గుండ్రంగా తిరిగే రకం హార్డ్ డిస్క్ ఉంటే విప్పండి, అందులో ఒకటో రెండో అయస్కాంతాలు ఉంటాయి, చిన్నవే కానీ వేలు మధ్యలో పడితే కందిపోతుంది. మా అమ్మ మిషను కుడుతుంది, కింద పడిన సూదులన్నీ దాంతోనే ఏరుతుంది.

సెట్ టాప్ బాక్సుల్లో బాక్సు వేస్టు, అడాప్టరు బంగారం. చాలావాటికి 12 వోల్టులే ఉంటుంది, ఎల్ఈడీ పట్టీకి, చాలా రూటర్లకి అదే సరిపోతుంది. వాడే ముందు వోల్టులు ఒకటేనా, అడాప్టరు మీద రాసిన ఆంప్స్ చాలతాయా, పిన్ను మధ్యలో ప్లస్సా మైనస్సా చూసుకోండి. పిన్ను దూరింది కదా అని పెట్టొద్దు. 5 వోల్టుల యూఎస్‌బీ హబ్‌కి 12 వోల్టుల అడాప్టరు అలాగే పెట్టి కాల్చేసిన మహానుభావుణ్ణి నేనే.

మీ సామాన్లలో నాకు అన్నిటికంటే నచ్చింది ఆ స్టెబిలైజరు. ఎందుకో చెప్తా. మా మామకి అల్లూరు వైపు రొయ్యల గుంటలున్నాయి. రాత్రిపూట ఏరేటర్లు (నీళ్ళు చిలికి గాలి కలిపే మోటార్లు) ఆగితే నీళ్ళలో ఆక్సిజన్ పడిపోతుంది, తెల్లారుజామున మరీ తగ్గుతుంది, కాపలా మనిషి నిద్రలో ఉంటే పంట పోయినట్టే. స్టెబిలైజరులోంచి 12 వోల్టుల రిలే, అంటే లోపలి కాయిల్‌కి కరెంటు వస్తే దానంతటదే మారే స్విచ్చు, తీశా (పార్టులు పీకొద్దన్న మాటకి ఇదొక్కటే మినహాయింపు), దాని కాయిల్‌ని సెట్ టాప్ బాక్సు అడాప్టరుకి కలిపా. కరెంటు ఉన్నంతసేపు రిలే లాగిపట్టుకుని ఉంటుంది, పోగానే వదిలేస్తుంది, వదిలేసినప్పుడు కలిసే కాంటాక్టు మీదుగా పాత బైకు బ్యాటరీ నుంచి బైకు హారనుకి లైను వెళ్తుంది. బైకుని స్టార్ట్ చెయ్యలేని బ్యాటరీ అయినా హారను మాత్రం మోగించేస్తుంది. ఖర్చు దాదాపు సున్నా.

రెండు నెలలు బాగా మోగింది. తర్వాత ఒక రాత్రి మోటార్లకొచ్చే మూడు ఫేజుల కరెంటులో ఒక ఫేజు పోయింది. స్టార్టరు (మోటారుని వేసి ఆపే పెట్టె) తన పని తాను చేసి మోటారు ఆపేసింది, కానీ నా అడాప్టరు ఉన్నది వేరే ఫేజు మీద, దానికి కరెంటు వస్తూనే ఉంది, హారను మోగలేదు. మామకి ఎందుకో మెలకువ వచ్చి లేచాడు కాబట్టి సరిపోయింది. పొద్దున్నే ఫోను, "అల్లుడా, నీ హారను కూడా నిద్రపోయింది రా" అని. తప్పు రిలేది కాదు, నాది. అడాప్టరుని స్టార్టరుకి ముందు కాదు, తర్వాత, అంటే మోటారుకి వెళ్ళే వైపు కలపాలి. అప్పుడు ఏ కారణంతో స్టార్టరు పడిపోయినా హారను మోగుతుంది. ఇప్పుడు నాలుగు స్టార్టర్లకి నాలుగు అడాప్టర్లు, నాలుగు రిలేలు, హారను ఒక్కటే. త్రీ ఫేజు వైపు పని మాత్రం ఎలక్ట్రీషియన్ చేతే చేయించాం, నేను పక్కన నిలబడి చూశానంతే. ఒకటి గుర్తుంచుకోండి, ఈ అడాప్టర్లు 100 నుంచి 240 వోల్టుల దాకా పనిచేస్తాయి కాబట్టి లో వోల్టేజీని ఇది పట్టుకోదు. వారానికోసారి ప్లగ్గు పీకి హారను మోగుతుందో లేదో చూసుకోవాలి, బ్యాటరీ చార్జి కూడా.

మీకు గుంటలు లేకపోయినా ఇంట్లో ఫ్రీజరుకో, కోళ్ళ షెడ్డుకో ఇదే పద్ధతి పనికొస్తుంది. స్టెబిలైజరు ప్లగ్గు పీకి మూత విప్పాక రిలే మీద ఏం రాసుందో ఫోటో తీసి ఇక్కడ పెట్టండి. 12 అని ఉంటే మీ అడాప్టరు సరిపోతుంది, 24 అని ఉంటే వేరే దారి చూద్దాం.