ఇంక్ ఆరట్లేదా? ముందు పేపర్ సంగతి చూడండి

చేత్తో చేసుకునే కార్డులు, ట్యాగుల మీద ఈసారి వచ్చిన ప్రశ్నలు చదువుతుంటే చాలామంది "నా చెయ్యే సరిగ్గా లేదేమో" అని బాధపడుతున్నట్టు అనిపించింది. చెయ్యి కుదరడానికి ఎక్కువ టైమ్ పట్టదండీ, పది ట్యాగులు వేస్తే అదే కుదురుతుంది. అసలు గొడవ చాలాసార్లు ఆ ఇంక్ కీ ఆ పేపర్ కీ పొసగకపోవడం దగ్గర ఉంటుంది. అందుకే మొదటి జవాబు కాస్త పెద్దగా రాశాను, మిగతావి చదివేముందు అది చదవండి.

అక్కా, మా పాప ఓణీల ఫంక్షన్ కి రిటర్న్ గిఫ్టులకు కట్టడానికి 150 ట్యాగులు నేనే చేద్దామని మొదలుపెట్టాను. పెళ్లికార్డుల షాపులో మెరిసే అట్ట షీట్లు తెచ్చి కట్ చేసి పెట్టుకున్నా. నెమలి స్టాంప్ కి ఆఫీసుల్లో వాడే వయొలెట్ ప్యాడ్ వాడుతున్నా. వేసేటప్పుడు చక్కగా పడుతోంది గానీ తెల్లారి ముట్టుకున్నా వేలికి అంటుకుంటోంది, ఫ్యాన్ కింద పెట్టినా అంతే. షీట్లన్నీ పారెయ్యాల్సిందేనా? — కాకినాడ నుంచి ఒక అమ్మ

అయ్యో, ఏం పారెయ్యక్కర్లేదమ్మా. ఏం జరుగుతోందో చెప్తాను, అది తెలిస్తే మీకే దారి దొరుకుతుంది. ఆఫీస్ స్టాంప్ ప్యాడ్ ఇంక్ ని ప్యాడ్ లో ఎండిపోకుండా ఉండేలా చేస్తారు, అందులో గ్లిజరిన్ లాంటివి కలుపుతారు, అందుకే మూత తీసిపెట్టినా అది అంత తొందరగా ఎండదు. మరి కాగితం మీద ఎలా ఆరుతుందంటే, ఆరదు, కాగితం పీల్చుకుంటుంది అంతే. ఆఫీసు వాళ్ల మామూలు తెల్ల కాగితం పీల్చుకుంటుంది కాబట్టి అక్కడ ఇబ్బంది లేదు. మీరు తెచ్చింది మెరిసే అట్ట, అంటే పైన కోటింగ్ ఉంది, ఇంక్ లోపలికి వెళ్లడానికి దారి లేదు, పైనే కూర్చుంది. ఫ్యాన్ పెట్టినా, ఎండలో పెట్టినా పెద్ద తేడా రాదు.

ఇప్పుడు చేతిలో ఉన్న షీట్ వెనక్కి తిప్పి చూడండి. చాలా అట్టలకి ఒకవైపే మెరుపు ఉంటుంది, వెనక గరుకుగా ఉంటుంది. గరుకు వైపు ఒక్క నీటిచుక్క వెయ్యండి, చుక్క గుండ్రంగా నిలబడకుండా కాసేపట్లో ఇంకిపోతే మీ వయొలెట్ ప్యాడ్ తోనే ఆ వైపు హాయిగా వేసుకోవచ్చు. రెండువైపులా మెరుపే అయితే ఇంక్ మార్చాలి. స్టేజాన్ లాంటి సాల్వెంట్ ఇంకులు ఉంటాయి, ఇవి గాజు, ప్లాస్టిక్, రేకు మీద కూడా ఆరిపోతాయి ఎందుకంటే ఇందులో సాల్వెంట్ గాల్లోకి ఆవిరైపోతుంది, కాగితం పీల్చుకోవాల్సిన పని లేదు. వాసన గట్టిగా ఉంటుంది, కిటికీలు తీసి కూర్చోండి, పాపని పక్కన కూర్చోబెట్టుకోకండి. ఇంకోటి, పారదర్శకంగా ఉండే పాలిమర్ స్టాంపులు ఈ ఇంక్ తోనూ దాని క్లీనర్ తోనూ పాడయ్యే అవకాశం ఉంది, ఎర్ర రబ్బరు స్టాంపులకైతే భయం లేదు.

ఇక కొత్తగా కొనేవాళ్ల కోసం చెప్తున్నా. క్రాఫ్ట్ షాపుల్లో ప్యాడ్ల మీద డై ఇంక్ అనో పిగ్మెంట్ ఇంక్ అనో రాసి ఉంటుంది. డై ఇంక్ కాగితంలోకి దిగిపోతుంది, త్వరగా ఆరుతుంది, కానీ ఎండ తగిలే చోట పెడితే రంగు వెలిసిపోతుంది. పిగ్మెంట్ ఇంక్ లో రంగు పొడి రేణువులుగా ఉండి కాగితం పైనే కూర్చుంటుంది, రంగు నిండుగా ఉంటుంది, ఎక్కువకాలం నిలుస్తుంది, కానీ ఆరడానికి టైమ్ కావాలి, మెరిసే కాగితం మీద అయితే దాదాపు ఆరనే ఆరదు. మెరూన్, ముదురు ఆకుపచ్చ లాంటి కార్డుల మీద డై ఇంక్ కనపడదు కూడా, అది పారదర్శకం కాబట్టి కింది రంగే పైకి వస్తుంది, అక్కడ తెలుపో బంగారమో పిగ్మెంట్ ఇంకే వాడాలి. ట్యాగులకి నా మటుకు నాకు కోటింగ్ లేని 250 నుంచి 300 జీఎస్ఎం (అంటే ఒక చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములుందో ఆ లెక్క) కార్డే ఇష్టం, జిరాక్స్ కాగితం 75 జీఎస్ఎం ఉంటుంది కదా, దాన్నిబట్టి మందం ఊహించుకోండి. హైదరాబాద్ లో ఉన్నవాళ్లకి ఛత్తా బజార్ ఉండనే ఉంది, పెళ్లికార్డుల ప్రెస్సులు, షాపులు వరసగా ఉంటాయి. కటింగ్ లో మిగిలిన ముక్కలు ఉన్నాయేమో అడిగి చూడండి, ట్యాగులకి ఆ సైజే చాలు.

మీకు మాత్రం ఒక్కటే మాట, 150 కట్ చేసినట్టు 150 కీ ఒకేసారి స్టాంప్ వెయ్యకండి. ఒక్కటి వేసి, మర్నాడు తడి వేలితో రుద్దండి. చెదరకపోతే అప్పుడు మిగతావి.

మేడం, ఎంబాసింగ్ పౌడర్ (తడి ఇంక్ మీద చల్లి వేడి చేస్తే కరిగి బొమ్మ ఉబ్బెత్తుగా వచ్చే పొడి) కొన్నాను. స్టాంప్ వేసి పౌడర్ చల్లితే బొమ్మ మీదే కాకుండా కార్డంతా అంటుకుంటోంది. హెయిర్ డ్రయర్ పెడితే ఎగిరిపోతోంది తప్ప కరగట్లేదు. — విశాఖపట్నం నుంచి ఒక కాలేజీ అమ్మాయి

హెయిర్ డ్రయర్ తో అవ్వదమ్మా. గాలి ఎక్కువ, వేడి తక్కువ, ఈ పౌడర్ కి దానికి రివర్స్ లో కావాలి. క్రాఫ్ట్ హీట్ గన్ అని దొరుకుతుంది, గాలి నెమ్మదిగా వస్తుంది కానీ బాగా వేడి. కొనడం ఇష్టం లేకపోతే ఇస్త్రీపెట్టెని తిరగేసి గట్టిగా నిలబడేలా పెట్టి, బాగా వేడెక్కాక కార్డుని పట్టుకారుతో పట్టుకుని దానికి కాస్త పైన ఆనించీ ఆనించనట్టు ఉంచండి, పౌడర్ వైపు పైకి ఉండాలి. కింద నుంచి వేడి తగిలి ఒక్కసారిగా కరిగి మెరుస్తుంది, కరగ్గానే తీసెయ్యండి, ఇంకా ఉంచితే అది కాగితంలోకి ఇంకిపోయి జిడ్డు మరకలా అయిపోతుంది. అమ్మనో నాన్ననో పక్కన ఉంచుకుని చెయ్యండి, నిజంగా చెయ్యి కాలుతుంది.

కార్డంతా అంటుకోవడం గురించి. మీది సముద్రం ఊరు, గాల్లో తేమ ఎక్కువ, అట్ట ఆ తేమని పట్టేసుకుంటుంది. దానికితోడు మన చేతి జిడ్డు, స్టాటిక్. స్టాంప్ వేసేముందు అట్టని కాసేపు వేడి చేసి చల్లారనివ్వండి, తర్వాత కాస్త టాల్కమ్ పౌడర్ ని దూదితో కార్డంతా పలచగా అద్ది దులిపెయ్యండి. ఆ తర్వాతే స్టాంప్. ఇంక్ పిగ్మెంట్ ఇంక్ అయ్యుండాలి, లేదంటే వెర్సామార్క్ లాంటి రంగులేని జిగురు ఇంక్, డై ఇంక్ అయితే పౌడర్ చల్లేలోపే ఆరిపోతుంది. మిగిలిన పౌడర్ ని మడతపెట్టిన కాగితం మీదకి దులిపి మళ్లీ డబ్బాలో పోసుకోండి, ఒక్క రేణువు కూడా వేస్ట్ కాదు. మెరూన్ అట్ట మీద బంగారు ఎంబాసింగ్ ఒక్కసారి కుదిరిందంటే ఇక మీరు ఆపలేరు, అంత బాగుంటుంది.

నేను గవర్నమెంట్ స్కూల్లో టీచర్ని. పిల్లలతో సంక్రాంతికి గ్రీటింగ్ కార్డులు చేయిద్దామనుకుంటున్నాను, వాళ్ల పేరులో మొదటి అక్షరం తెలుగులో స్టాంప్ చేసుకోవాలని ఆశ. రబ్బర్ మీద చెక్కితే అక్షరం తిరగబడి పడుతోంది. ఖర్చు తక్కువలో అవ్వాలి. — వరంగల్ జిల్లా నుంచి

మేడం, ఈ ప్రశ్న చదివి ఎంత సంతోషమేసిందో. ఒకప్పుడు జనవరి వస్తే ఊరూరా రోడ్డు పక్కన గ్రీటింగ్ కార్డులు తాడుకి వేలాడదీసి అమ్మేవాళ్లు, ఇప్పుడు ఫోన్ లో ఫార్వర్డ్ చేసేసి ఊరుకుంటున్నాం, మీ పిల్లలు చేత్తో చేసి ఇస్తే ఆ ఇళ్లల్లో అవి ఏళ్ల తరబడి దాచుకుంటారు.

తిరగబడడానికి మందు చాలా సులువు. బటర్ పేపర్ మీద మెత్తని పెన్సిల్ తో, 4బీ అయితే ఇంకా మంచిది, అక్షరాన్ని మామూలుగా సూటిగా రాయండి. ఆ కాగితాన్ని బోర్లించి రబ్బర్ మీద పెట్టి వెనక గోటితో రుద్దండి. రబ్బర్ మీద అక్షరం దానంతట అదే తిరగబడి దిగుతుంది, అలాగే చెక్కితే కార్డు మీద సరిగ్గా పడుతుంది. మన అక్షరాలన్నీ గుండ్రాలే కాబట్టి బ్లేడుని తిప్పకండి, బ్లేడు కదలకుండా పట్టుకుని రబ్బర్ ని తిప్పండి, వంపు తెగిపోకుండా వస్తుంది. ఠ, ర, ం లాంటివాటిలో మధ్య గుండ్రం చిన్నగా ఉంటే ఇంక్ పూడుకుపోతుంది, అందుకని అక్షరం పెద్దగా, లోపలి ఖాళీ ఇంకా పెద్దగా రాసుకోండి. వత్తులున్న పేర్లకి వత్తు విడిగా ఇంకో ముక్క మీద చెక్కడమే నయం.

కానీ బ్లేడ్లు హైస్కూలు పిల్లలకే, అదీ మీరు పక్కన ఉంటేనే. చిన్నపిల్లలకి ఫోమ్ షీట్ ని కత్తెరతో కత్తిరించి సీసా మూతకి అంటించండి, స్టాంప్ రెడీ. దీనికి కూడా అక్షరాన్ని తిరగేసే అంటించాలి, మర్చిపోకండి. ఇక అన్నిటికన్నా చవక మన బెండకాయ, అడ్డంగా కోస్తే లోపల చక్కని పువ్వు. కోసిన వైపుని గుడ్డతో బాగా అద్ది తడి పోగొట్టాకే రంగులో ముంచండి, లేకపోతే జిగురుకి రంగు జారిపోయి మచ్చలా పడుతుంది. మామూలు పోస్టర్ కలర్ నీళ్లు కలపకుండా, పళ్లెంలో పలచని స్పాంజ్ పెట్టి దాని మీద రాస్తే అదే మీ ప్యాడ్. ముదిరిన బెండకాయలైతే గట్టిగా ఉంటాయి, కూరకి పనికిరానివి దీనికి పనికొస్తాయి.

మొన్న ఇండియా వచ్చినప్పుడు పెడనలో కలంకారీ చెక్క అచ్చులు రెండు కొనుక్కొచ్చాను. ఇక్కడ దీపావళికి కార్డులు చేద్దామని ట్రై చేస్తే కొన్నిచోట్ల రంగు పడట్లేదు, కొన్నిచోట్ల ముద్దగా పడుతోంది. అక్కడ వాడే కరక్కాయ రంగులు తెప్పించుకుంటే బాగా వస్తుందా? — డాలస్ నుంచి ఒక పాఠకురాలు

ఆ రంగులు తెప్పించుకోవద్దండి, అవి కాగితానికి కావు. పెడనలో, మచిలీపట్నంలో చేసే పని బట్ట మీద జరిగే కెమిస్ట్రీ. బట్టని ముందు కరక్కాయ నీళ్లలో ముంచి ఆరబెడతారు, తుప్పుపట్టిన ఇనుము, బెల్లం కలిపి రోజుల తరబడి నానబెట్టిన నీళ్లతో అచ్చు వేస్తారు, కరక్కాయలోని వగరు, ఇనుము కలిసి నలుపు పుడుతుంది. ఎరుపు కోసం పటిక వేసి తర్వాత బట్టని రంగులో ఉడకబెడతారు. కార్డుని ఉడకబెట్టలేం కదా. పైగా ఆ ఇనుము నలుపు కాగితాన్ని కాలం గడిచేకొద్దీ తినేస్తుంది.

మీ ఇబ్బంది రంగుది కాదు, టేబుల్ ది. అక్కడ వాళ్లు గట్టి బల్ల మీద నేరుగా అచ్చు వెయ్యరు, బల్ల మీద గోనె, దుప్పటి మడతలు పరిచి మెత్తగా చేసుకుంటారు. చెక్క అచ్చు రబ్బరులా వంగదు కాబట్టి కిందనున్నదే కాస్త వంగాలి. మీరు కూడా పాత దుప్పటి నాలుగు మడతలు వేసి దాని మీద కార్డు పెట్టండి. అచ్చుని ప్యాడ్ లో ముంచకుండా, తిరగేసి పట్టుకుని, మెత్తటి స్పాంజ్ తో అక్రిలిక్ రంగు పలచగా అద్దండి, ముద్దగా పడేది అక్కడే ఆగిపోతుంది. పెట్టాక కదపకుండా అచ్చు వీపు మీద అరచేత్తో గట్టిగా ఒత్తండి. కాగితం కూడా బాగా పీల్చుకునే రకం, నూలు గుడ్డలతో చేసిన హ్యాండ్ మేడ్ పేపర్ అయితే చాలా బాగుంటుంది, ఇటువైపు మళ్లీ వస్తే పాండిచ్చేరిదో జైపూర్ దగ్గర సాంగానేర్ దో తీసుకెళ్లండి.

పని అవ్వగానే కడిగెయ్యాలి, అక్రిలిక్ చెక్కలో ఎండితే ఆ సన్నటి గీతలన్నీ పూడిపోతాయి. పాత టూత్ బ్రష్ తో కడిగి నీడలో ఆరబెట్టండి, నీళ్లలో నానబెట్టకండి, చెక్క ఉబ్బి పగులుతుంది. ఒక మనిషి కూర్చుని చేత్తో చెక్కిన అచ్చు అది, దాన్ని జాగ్రత్తగా చూసుకోండి.

పెళ్లి ట్యాగులకి అంచులకి పసుపు నీళ్లు పూస్తే నాలుగు రోజులకే వెలిసిపోతోంది. ఎలా నిలబెట్టాలి? — రాజమండ్రి

నిలబడదండీ. పసుపు రంగు వెలుతురుకి తట్టుకోలేదు, పైన ఏం పూసినా అంతే. సబ్బు, సున్నం తగిలితే ఎర్రబడుతుంది కూడా. శుభానికి కావాలంటే ట్యాగు కట్టే రోజున ఒక మూల చిన్న బొట్టు పెట్టండి. అంచులకి మాత్రం పసుపు రంగు పిగ్మెంట్ ఇంక్ ని స్పాంజ్ ముక్కతో, కాగితం బయట నుంచి లోపలికి గుండ్రంగా తిప్పుతూ పుయ్యండి. లేత రంగు ముందు, ముదురు తర్వాత. పసుపు పక్కన నారింజ, ఎరుపు బాగా కలుస్తాయి, వంకాయ రంగు కలిపితే మట్టి రంగు వస్తుంది.

క్లియర్ స్టాంపులు (పారదర్శకంగా ఉండేవి) వాటిని అంటించి పట్టుకునే బ్లాక్ కి అంటుకోవట్లేదు, రంగు కూడా పట్టేసుకున్నాయి. పాడైపోయినట్టేనా? — తిరుపతి

కాదు. గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు, గోరువెచ్చని నీళ్లతో కడిగి వాటంతట అవే ఆరనివ్వండి, జిగురు తిరిగొస్తుంది. బ్లాక్ ని కూడా కడగండి, చాలామంది అది మర్చిపోతారు. మరకతో నష్టం లేదు, స్టాంప్ పడడంలో తేడా రాదు. ఎండలో మాత్రం పెట్టకండి, పసుపుపచ్చగా మారి గట్టిపడతాయి. కొత్త స్టాంప్ మీద ఇంక్ చుక్కలు చుక్కలుగా విడిపోతుంటే పెన్సిల్ రబ్బరుతో పైపైన రుద్దండి.

మా అబ్బాయి పెళ్లికి కార్డులు చేత్తోనే చెయ్యాలని మా అమ్మాయి పట్టుబడుతోంది. 400 కార్డులు. ప్రెస్ లో వేయిస్తే ఒక్కరోజులో అయిపోతుంది కదా అని ఆయన అంటున్నారు. మీరేమంటారు? — నెల్లూరు

ఇద్దరిదీ కుదిరే మాటే చెప్తాను. 400 ప్రెస్ లోనే వేయించండి, కానీ ఆర్డర్ ఇచ్చేటప్పుడే కోటింగ్ లేని అట్ట అడగండి, ముందు పేజీలో కింద అరచేయంత జాగా ఖాళీగా వదలమనండి. మేనమామలు, మేనత్తలు, తాతయ్యలు, దగ్గరి స్నేహితులు, ఇలా ఒక ముప్పై నలభై ఇళ్లు లెక్కేసుకుని ఆ కార్డుల ఖాళీలో అమ్మాయి చేత స్టాంప్ వేయించండి, ఆ ఇంటివాళ్ల పేరు తన చేత్తో రాయించండి. స్టాంప్ వేసినవి ఒకదాని మీద ఒకటి పేర్చకుండా రాత్రంతా విడివిడిగా పరిచి ఉంచాలి, కాబట్టి హాల్లో ఒక చాప ఖాళీ చేసి పెట్టమని ఆయనకి చెప్పండి. కవర్లో పెట్టేటప్పుడు స్టాంప్ మీద పలచని బటర్ పేపర్ ముక్క ఒకటి పెడితే పంచేటప్పుడు రాపిడికి చెదరదు.