ఫీజు సరే, వేలిముద్ర ఎవరు వేస్తారు?

"అనాథ పిల్లల హోమ్‌లో పెరిగినవాళ్ళు 18 ఏళ్ళు నిండి బయటికొచ్చినాక కాలేజీ ఫీజులు ఎట్లా కట్టుకుంటారు?" అని ఎవరో అడిగినారు. నేను కర్నూల్లో ఒక హోమ్‌లో పెరిగి, 2020 నుంచి 2023 దాకా ఇక్కడే ప్రభుత్వ కాలేజీలో డిగ్రీ చదివినా. నన్నడిగితే ఫీజు అసలు సమస్యే కాదు. డబ్బు ప్రభుత్వం ఇస్తుంది. ఆ డబ్బు తీసుకునేదానికి అప్పుడు మనకొక అమ్మ ఉండాల్సొచ్చేది, అంతే.

నేను చదివేటప్పుడు విద్యా దీవెన, వసతి దీవెన అని రెండు ప్రభుత్వ పథకాలుండేవి. మొదటిది ఫీజు. రెండోది తిండికీ గదికీ, డిగ్రీవాళ్ళకైతే ఏడాదికి 20,000, రెండు విడతలు. 2021లో ఫీజు డబ్బు కూడా తల్లుల ఖాతాల్లోనే వేస్తామన్నారు. తల్లి చేతిలో పడితే దుబారా కాదు కదా, ఆలోచన మంచిదే. తల్లి లేనివాళ్ళకు గార్డియన్ అని ఒక మాట ఉంది. ఆ గార్డియన్ ఎవరనేది మాత్రం ఎవురూ చెప్పరు.

మా వార్డు సచివాలయానికి పోతే, కంప్యూటర్ ముందు కూర్చున్నాయన నా వయసుకంటే నాలుగేండ్లు పెద్దోడేమో, "అమ్మ ఆధార్ ఇయ్యి పాపా" అన్నాడు.

"అమ్మ లేదు సార్."

"ఊర్లో లేదా? ఎప్పుడొస్తుంది?"

ఆయన తప్పేం లేదులెండి. మా ఆదోని పక్క పల్లెల్లో సగం మంది సుగ్గికి, అంటే కూలి పనులకు వలస, గుంటూరు మిరపతోటలకు పోయేవాళ్ళే, ఇంటికి తాళాలే కనపడతాయి. మా అమ్మా అట్లే పోయింది. జ్వరమొచ్చి అక్కడే పోయింది. నాకప్పుడు ఏడేళ్ళు, నాయన అంతకు ముందేడే పోయినాడు. ఇదంతా చెప్తే ఆయన నా మొగం చూడకుండా తెర మీదికి చూసి, "నువ్వు ఏ ఇంట్లోనూ మ్యాప్ కాలేదే" అన్నాడు, అంటే ఏ ఇంటి లెక్కలోనూ నా పేరు లేదని. బియ్యం కార్డు లేదు, ఇల్లు లేదు. హోమ్‌లో 40 మందిమి ఉన్నా కంప్యూటర్ లెక్కలో అది ఇల్లు కాదంట.

హోమ్ మేడంను అడిగితే "నా ఖాతాలో నీ డబ్బు పడితే రేపు ఆడిట్‌లో నేనేం చెప్పల్ల?" అనింది. ఆమె చెప్పిందీ న్యాయమే.

చివరికి వంట పెద్దమ్మను పట్టుకుపోయినాం. మా హోమ్‌లో పొద్దున ఉగ్గాని నుంచి రాత్రి సంగటి దాకా ఆమె చేతిదే. కంప్యూటర్‌లో నన్ను ఆమె ఇంటి లెక్కలో ఎక్కించేదానికి రెండు వారాలు తిరిగినాం. ఆ తర్వాత వేలిముద్ర. వచ్చింది చిక్కు! ఇరవై ఏళ్ళు బోకులు తోమిన బొటనవేలు అది, నున్నగా అరిగిపోయింది. పెట్టినప్పుడల్లా మిషన్ ఎర్రలైటు వేస్తాది. ఆయన గుడ్డతో తుడిచినాడు, తడి చేసినాడు, ఇంకో వేలు అన్నాడు. పెద్దమ్మ ఏమనుకుందో, ఆ వేలిని తలలో నూనెకు రెండుసార్లు రుద్ది గట్టిగా నొక్కింది. పచ్చలైటు. "సూడు, నువ్వు నా బిడ్డవేనని మిషనే చెప్పె" అని నవ్వింది.

మొదటి విడత 10,000 పడింది. పెద్దమ్మ బ్యాంకుకు పోయి వట్టి చేతుల్తో వచ్చింది. ఆమె డ్వాక్రా గుంపు అప్పు కిస్తీలు ఆగిపోయి ఉన్నాయంట, పడిన డబ్బు పడినట్టే అందులోకి కోసుకున్నారు. ఆ డబ్బుల్ని అప్పుకు పట్టుకోకూడదని ప్రభుత్వం చెప్పినా, కౌంటర్ దగ్గర మనం చెప్తే వినేవాళ్ళెవరు? పెద్దమ్మ నా దగ్గర మూడు రోజులు మాట్లాడలేదు. తర్వాత జీతం పడినప్పుడల్లా వెయ్యి వెయ్యి తెచ్చి, వద్దన్నా నా పుస్తకంలో పెట్టి పోయేది. ఆ ఏడు పరీక్ష ఫీజు నేను సీక్యాంపు దగ్గర జిరాక్స్ షాపులో పనిచేసి కట్టుకున్నా.

దాతల మీద ఒక మాట అనాల, కోపమొద్దు. ఒక ఆదివారం మా హోమ్‌కు మూడు కేకులొచ్చినాయి, మూడు పుట్టినరోజులు. మూడుసార్లు చప్పట్లు కొట్టి మూడుసార్లు ఫోటోకు నిలబడినాం. అదే వారం నలుగురికి పరీక్ష ఫీజు ఆఖరు తేదీ. కేకు తెచ్చినాయన్ని ఫీజు అడిగితే, పిల్లలకు డబ్బు అలవాటు చేయకూడదు అన్నాడు. ఇంటర్ రిజల్ట్ రాంగానే వచ్చే ప్రైవేటు కాలేజీల పీఆర్వోలు ఇంకో రకం. "అనాథ పిల్లలకు అంతా ఫ్రీ" అంటారు. మా రూమ్మేట్ నమ్మి పోయింది. రెండో ఏడు స్పెషల్ ఫీజు అని మొదలుపెట్టి, కట్టలేదని టీసీ పట్టుకున్నారు. కేవీఆర్, సిల్వర్ జూబ్లీ లాంటి గవర్నమెంటు కాలేజీలు ఊర్లోనే ఉండగా ఎందుకు పోతారో నాకు అర్థం కాదు.

సరే, అడిగినదానికొస్తా. ఇప్పుడు ఫీజు మళ్ళీ నేరుగా కాలేజీకే అంటున్నారు, ఆ మేరకు నయం. అయినా కాగితాలు 18 నిండకముందే చేతిలో పెట్టుకోండి. నిండినాక ఏ ఆఫీసూ నిన్ను గుర్తుపట్టదు. మనల్ని హోమ్‌లో పెట్టమని బాలల సంక్షేమ సమితి ఇచ్చిన ఆర్డర్ కాపీ అడిగి తీసుకోండి. పదేళ్ళలోపు తల్లిదండ్రులు పోయి, చూసేవాళ్ళు లేక, ప్రభుత్వం గుర్తించిన హోమ్‌లో పెరిగినవాళ్ళు మన రాష్ట్రంలో బీసీ-ఏ కిందికి వస్తారు. ఈ సంగతి నాకు సెకండియర్లో జిరాక్స్ షాపులో ఎవరిదో సర్టిఫికెట్ కాపీ తీస్తుంటే తెలిసింది! హోమ్‌లో ఎవరూ చెప్పలేదు. ఇంకోటి, 2015 జువెనైల్ జస్టిస్ చట్టంలో 18 నుంచి 21 దాకా ఆఫ్టర్‌కేర్ అని, హోమ్ నుంచి బయటికొచ్చినాక చేసే సాయం ఉంది, మిషన్ వాత్సల్య అనే కేంద్ర పథకం కింద మంజూరైతే నెలకు 4,000. హోమ్‌లో ఉండగానే జిల్లా బాలల సంరక్షణ యూనిట్‌లో అర్జీ పెట్టించుకోండి.

దసరాకీ సంక్రాంతికీ హాస్టల్ మూసేస్తే ఎక్కడ పడుకుంటారనేది మాత్రం ఏ అర్జీలోనూ ఉండదు. నేను బళ్ళారి చౌరస్తా అవతల పెద్దమ్మ ఇంట్లో పడుకునేదాన్ని, గ్యాస్ బండకూ బీరువాకూ మధ్యలో.

ఇప్పుడు నెట్ సెంటర్లో పని చేస్తున్నా, ఇట్లాంటి అప్లికేషన్లు నింపేది నేనే. పెద్దమ్మ ఖాతాకు అప్పుడిచ్చిన నా నంబరే ఇంకా ఉంది. ఆమె డ్వాక్రా కిస్తీ కట్ అయితే మెసేజ్ నాకే వస్తాది. ముందురోజు ఖాతాలో ఎంతుందో చూసి, తక్కువుంటే ఫోన్‌పే కొడతా. ఆమెకు చెప్పను.