ఇషిగురో ‘ది బరీడ్ జెయింట్’ కొందరికి అంతగా నచ్చి, కొందరికి అసలు నచ్చకపోవడానికి కారణం ఏమిటి? చదవొచ్చా?

బ్రిటిష్ నవలా రచయిత కజువో ఇషిగురో నాకు అభిమాన రచయిత. ఆయన ‘ది బరీడ్ జెయింట్’ గురించి ఒకరు గొప్ప నవల అంటున్నారు, ఇంకొకరు సగంలో వదిలేశామంటున్నారు, ఎవరి మాట నమ్మాలి అని మీరు అడిగారు. నేను ఆ నవలను ఒకసారి సగంలో వదిలేశాను. నాలుగేళ్ల తర్వాత మళ్లీ తీసి, రెండు రోజుల్లో పూర్తి చేశాను. అందుకే రెండు వైపుల మాటా చెప్పగలను.

అబిడ్స్‌లో ఆదివారం పాత పుస్తకాల దగ్గర నాకు ఇషిగురో నవల ‘ది రిమెయిన్స్ ఆఫ్ ది డే’ దొరికింది. 1989లో బుకర్ బహుమతి వచ్చిన నవల అని అట్ట మీద చూసి కొన్నాను. ఒక బట్లర్ తన జీవితమంతా చెబుతాడు. కానీ చెప్పాల్సిన అసలు మాట ఒక్కటి దాటేస్తూ ఉంటాడు. ఆ దాటేయడమే నన్ను కట్టిపడేసింది. తర్వాత ఆయనదే ‘నెవర్ లెట్ మీ గో’ చదివాను. అది వచ్చిన పదేళ్లకు, 2015లో, ‘ది బరీడ్ జెయింట్’ వస్తోందంటే ఎంత ఎదురుచూశానో చెప్పలేను.

తీరా తెరిస్తే రాక్షసులు, యోధులు, ఆడ డ్రాగన్. పురాణగాథల్లోని ఆర్థర్ రాజు పోయిన తర్వాతి బ్రిటన్. బ్రిటన్లు, శాక్సన్లు అనే రెండు జాతులవాళ్లు పక్కపక్క ఊళ్లలో గొడవల్లేకుండా బతుకుతుంటారు. దేశమంతా ఒక పొగమంచు కమ్మి ఉంటుంది, దానివల్ల ఎవరికీ జ్ఞాపకాలు నిలవవు. ఊళ్లో ఒక పిల్ల కనిపించకపోతే అందరూ కంగారుగా వెతకడం మొదలుపెట్టి, కాసేపటికి ఏం వెతుకుతున్నారో మర్చిపోతారు. యాక్సెల్, బియాట్రిస్ అని ఒక ముసలి జంట. రాత్రిపూట కొవ్వొత్తి కూడా వెలిగించుకోనివ్వరు వాళ్లను. ఎక్కడో ఉన్న కొడుకును చూడాలని బయలుదేరతారు. ఆ కొడుకు ముఖం కూడా వాళ్లకు సరిగా గుర్తుండదు.

వంద పేజీల దాకా ఓపిక పట్టాను. యాక్సెల్ ప్రతి రెండో మాటకీ భార్యను ‘ప్రిన్సెస్’ అంటుంటే విసుగొచ్చింది. సంభాషణలు ఒకే చోట తిరుగుతున్నట్టు అనిపించాయి. పుస్తకం మూసి అలమారలో పెట్టేశాను. మా పుస్తకాల వాట్సాప్ గ్రూపులో ఫాంటసీ బాగా చదివే స్నేహితురాలు ఒకామె ఉంది. ఆమె కోపం వేరు. “డ్రాగన్ కోసం అంత దూరం నడిపించి, చివరికి బక్కచిక్కి నిద్రపోతున్న ముసలి డ్రాగన్‌ను చూపిస్తాడా?” అంది. అంటే ఇషిగురో అభిమానులకు డ్రాగన్ ఉందని అసంతృప్తి, ఫాంటసీ అభిమానులకు ఆ డ్రాగన్ సరిగా లేదని అసంతృప్తి. నేను చూసినంతలో అభిప్రాయాల చీలిక చాలావరకు ఇక్కడే ఉంది.

ఈ చీలిక మామూలు పాఠకుల్లోనే కాదు. న్యూయార్కర్ పత్రిక విమర్శకుడు జేమ్స్ వుడ్‌కు నవల నచ్చలేదు. ఫాంటసీ రచయిత నీల్ గైమన్ న్యూయార్క్ టైమ్స్‌లో మెచ్చుకుంటూనే, ఎంత ప్రయత్నించినా దానితో ప్రేమలో పడలేకపోయానన్నట్టు రాశారు. పుస్తకం రాకముందే ఇషిగురో ఒక ఇంటర్వ్యూలో, దీన్ని పాఠకులు ఫాంటసీ అంటారేమో అని సందేహం వెలిబుచ్చారు. పేరున్న ఫాంటసీ రచయిత్రి ఉర్సులా లె గ్విన్‌కు ఆ మాట బాధ కలిగించింది. ఫాంటసీ అన్న పదాన్ని తిట్టులా వాడుతున్నారని ఆమె తన బ్లాగులో రాశారు. ఇషిగురో తాను డ్రాగన్ల పక్షమేనని జవాబిచ్చాక, తొందరపడ్డానని ఆమే ఒప్పుకున్నారు. నాకు ఇద్దరి మీదా గౌరవం ఉంది. అయినా లె గ్విన్ బాధలో న్యాయం ఉందనే అనుకుంటాను. చందమామ కథలతో పెరిగిన మనకు రాక్షసుడు కథలోకి వస్తే కథ స్థాయి తగ్గినట్టు ఎప్పుడూ అనిపించలేదు కదా.

నేను మళ్లీ ఆ పుస్తకం ఎందుకు తీశానో చెప్పాలి. ఇక్కడ కథలో ఒక రహస్యం బయటపెట్టక తప్పదు, చివరి అధ్యాయం మాత్రం ముట్టుకోను.

మా అమ్మమ్మది గుడివాడ దగ్గర పల్లె. సొంత తమ్ముడితో ఇరవై రెండేళ్లు మాటల్లేవు. పొలం గట్టు దగ్గర మొదలైన గొడవ కోర్టు దాకా వెళ్లింది. పెళ్లిళ్లకు పిలుపుల్లేవు, చావులకు రాకపోకల్లేవు. 2018లో అమ్మమ్మకు మరపు మొదలైంది. ముందు స్టవ్ ఆర్పడం మర్చిపోయేది, తర్వాత మా పేర్లు. ఒకరోజు పొద్దున్నే లేచి, “తమ్ముడు రాలేదేం?” అని అడిగింది. రోజూ అదే ప్రశ్న. చివరికి అమ్మ ఫోన్ చేస్తే చిన్న తాతయ్య వచ్చాడు. అమ్మమ్మ ఆయన చెయ్యి పట్టుకుని, “భోంచేశావా, చిక్కిపోయావేంట్రా” అంది. ఆయన మంచం పక్కనే కూర్చుని ఏడ్చాడు.

ఆ రాత్రి ఇంట్లో పెద్ద గొడవైంది. అమ్మ సంతోషంగా ఉంది, పాత సంగతులు ఎవరూ ఎత్తొద్దంది. మావయ్య మాత్రం అన్నం ముట్టలేదు. “ఆ గట్టు కోసం కోర్టు చుట్టూ తిరిగి తిరిగి నాన్న మంచాన పడ్డాడు. అమ్మ మర్చిపోయిందని నేనూ మర్చిపోవాలా?” అన్నాడు. నేను ఇద్దరి మధ్యా కూర్చున్నాను. ఎవరి మాట తప్పని చెప్పను?

కొన్ని నెలలకు, 2019లో, అలమారలో ఆ పుస్తకం కనిపించి మళ్లీ మొదలుపెట్టాను. ఈసారి ప్రతి పేజీ వేరేగా కనిపించింది. ఆ పొగమంచు డ్రాగన్ ఊపిరి. దాని మీద ఆర్థర్ మాంత్రికుడు మెర్లిన్ మంత్రం వేశాడు. ఆర్థర్ సైన్యం ఒప్పందం కాలదన్ని శాక్సన్ ఊళ్లలో ఆడవాళ్లనూ పిల్లలనూ చంపింది. ఆ సంగతి అందరూ మర్చిపోతేనే శాంతి నిలుస్తుందని ఆ మంత్రం. అందుకే ఆర్థర్ యోధుల్లో ఒకడైన ముసలి గవేన్ డ్రాగన్‌ను చంపాల్సిందిపోయి కాపలా కాస్తుంటాడు. విస్టన్ అనే శాక్సన్ యోధుడు దాన్ని చంపడానికి వస్తాడు, అంటే జ్ఞాపకాన్ని తిరిగి తేవడానికి. అది తిరిగొస్తే పగ కూడా తిరిగొస్తుందని అతనికి తెలుసు. యుగోస్లావియా, రువాండా మారణకాండలు ఈ నవల వెనక తన మనసులో ఉన్నాయని ఇషిగురో ఇంటర్వ్యూల్లో చెప్పారు. పక్కపక్క ఇళ్లవాళ్లు ఒకరినొకరు చంపుకున్న చోట్లు అవి.

మనకు తెలిసిన మరపు కథ శకుంతలది. దుష్యంతుడి మరపు ఒక శాపం. ఉంగరం దొరికి జ్ఞాపకం వచ్చిందంటే కథ సుఖాంతం వైపు నడిచినట్టే. ఇక్కడ ఆ లెక్క తారుమారైంది. జ్ఞాపకం వస్తే ఏం మిగులుతుందో అన్న భయంతోనే మూడొందల పైచిలుకు పేజీలు నడుస్తాయి. ఆ ముసలి దంపతులదీ అదే భయం. వాళ్ల మధ్య కూడా ఒకప్పుడు ఏదో జరిగింది. గుర్తొస్తే ఈ ప్రేమ నిలుస్తుందా? మొదటిసారి నన్ను విసిగించిన ‘ప్రిన్సెస్’ పిలుపు, రెండోసారి చీకట్లో చెయ్యి వదలకుండా పట్టుకున్నట్టు వినిపించింది.

అలాగని లోపాలు లేవనను. గవేన్ తనలో తాను మాట్లాడుకునే రెండు అధ్యాయాలు ఇప్పటికీ నాకు బరువుగానే అనిపిస్తాయి. మఠంలో జరిగే భాగం సాగింది. మా స్నేహితురాలు రెండోసారి చదివినా మనసు మార్చుకోలేదు, ఆమె కారణాలు ఆమెవి.

మావయ్యకు ఇంగ్లీషు నవలలు అలవాటు లేదు. రెండు సాయంత్రాలు అరుగు మీద కూర్చుని ఈ కథ చెప్పాను. విస్టన్ తన వెంట ఉన్న ఎడ్విన్ అనే కుర్రాడి చేత, బ్రిటన్లందరినీ ద్వేషిస్తానని మాట తీసుకుంటాడు. అది చెప్పగానే మావయ్య ఆపి, “మరి ఆ కుర్రాడు మాట నిలబెట్టుకున్నాడా?” అన్నాడు. తనను ఆదరించిన ఆ ముసలి దంపతులు కూడా బ్రిటన్లే కదా, ఆ మాట వాళ్లకూ వర్తిస్తుందా అని కుర్రాడు సందేహపడతాడని చెప్పాను. అమ్మమ్మ సంవత్సరీకానికి చిన్న తాతయ్యకు ఫోన్ చేసి పిలిచింది మావయ్యే.

మీరు ఇషిగురోవి ఇంకేమీ చదవకపోతే ‘ది రిమెయిన్స్ ఆఫ్ ది డే’తో మొదలుపెట్టి, ఆ తర్వాత దీనికి రండి. భాష తేలికే, డిక్షనరీ అవసరం పెద్దగా పడదు. రోజుకు పది పేజీల చొప్పున మాత్రం చదవకండి, దారం తెగిపోతుంది. రెండు మూడు రోజులు సెలవు దొరికినప్పుడు తీయండి. వందో పేజీ దగ్గర విసుగొస్తే, నాలాగా నాలుగేళ్లు ఆగకుండా ఇంకో యాభై పేజీలు చదివి చూడండి.