ఇంగ్లండ్ కూలి కుటుంబాల పూర్వీకుల జాడ: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

ప్రశ్న: నా భర్త ఇంగ్లండ్ దేశస్థుడు. ఆయన ముత్తాత 1908లో లాంకషైర్‌లోని ఓల్డ్‌హామ్‌లో పుట్టారనీ, వాళ్ళ నాన్న నూలు మిల్లులో పనిచేసేవారనీ, అంతకు ముందటివాళ్ళు ఎక్కడో పల్లెలో పొలం పనులు చేసుకునేవారనీ ఇంట్లో చెప్పుకుంటారు. కాగితం ముక్క ఒక్కటీ లేదు. ఇంటిపేరు చూస్తే ఊళ్ళో సగం మందికి ఉన్నదే. ప్రభువుల వంశాలకైతే గ్రంథాలే ఉంటాయి గాని, కూలి చేసుకుని బతికినవాళ్ళ తాతముత్తాతల వివరాలు దొరుకుతాయా? ఎక్కడ మొదలుపెట్టాలి?
— ఒక పాఠకురాలు, రోచ్‌డేల్

జవాబు: దొరుకుతాయి, అదీ చాలామంది అనుకునే దానికన్నా ఎక్కువగానే. ఆస్తి లేనివాళ్ళు వీలునామాలూ దస్తావేజులూ విడిచి వెళ్ళకపోయినా, ప్రభుత్వం వాళ్ళను లెక్కపెట్టినప్పుడూ, చర్చి వాళ్ళకు పెళ్ళి చేసినప్పుడూ, వాళ్ళ తిండి ఖర్చు ఎవరు భరించాలని రెండు ఊళ్ళు తగువులాడుకున్నప్పుడూ కాగితం పుట్టింది. అయితే మీరు చెప్పినట్టు ఇంటిపేరు సాధారణమైనది కాబట్టి, పేరు పట్టుకుని వెదికితే ఒకే ఊళ్ళో అదే పేరున్న అరడజను మంది ఎదురవుతారు. అందుచేత ఇంటిని పట్టుకోండి. ఆ ఇంట్లో ఎవరెవరున్నారు, తల్లి పుట్టింటి ఇంటిపేరు ఏమిటి, ఏ వీధిలో ఉన్నారు, ఏ పని చేశారు అన్నవన్నీ కలిసి వచ్చినప్పుడే మనిషి దొరికినట్టు.

ఇంగ్లండ్, వేల్స్‌లలో జననాలు, వివాహాలు, మరణాలను ప్రభుత్వం నమోదు చేయడం 1837 జూలై 1న మొదలైంది. ముత్తాతగారి జనన పత్రాన్ని జనరల్ రిజిస్టర్ ఆఫీసు వెబ్‌సైటు నుంచే తెప్పించుకోవచ్చు. ఆ కార్యాలయం అక్కడ ఉంచిన జనన సూచికలో తల్లి పుట్టింటి ఇంటిపేరు కూడా ఉంటుంది కాబట్టి అన్నదమ్ములనూ అక్కచెల్లెళ్ళనూ ఒకచోట చేర్చడం సులభం. పాత త్రైమాసిక సూచికలలో ఈ వివరం 1911 సెప్టెంబరు త్రైమాసికం నుంచి మాత్రమే కనిపిస్తుంది.

ఆ తరువాత తెరవవలసినవి 1911 ఏప్రిల్ 2 రాత్రి నాటి జనాభా లెక్కలు. అంతకు ముందరి లెక్కలలో మనకు మిగిలినవి గణకులు ఎత్తిరాసుకున్న పుస్తకాలు. 1911లో మాత్రం ఇంటి యజమాని నింపి ఇచ్చిన కాగితమే భద్రంగా ఉంది కాబట్టి, చాలా ఇళ్ళ విషయంలో ముత్తాతగారి తండ్రి చేతిరాతే చూడవచ్చు. వివాహిత స్త్రీ పేరుకు ఎదురుగా పెళ్ళయి ఎన్నేళ్ళయింది, పుట్టిన బిడ్డలెందరు, బతికున్నవారెందరు, పోయినవారెందరు అన్న గడులుంటాయి. అక్కడ వరుసగా 19, 9, 5, 4 అని ఉందనుకోండి. పెళ్ళి 1891–92లో జరిగింది. మీకు తెలిసిన ఐదుగురు పిల్లలు కాక మరో నలుగురు ఉన్నారు. రెండు జనాభా లెక్కల నడుమ పుట్టి పోయిన బిడ్డల పేర్లు ఏ లెక్కలోనూ ఉండవు. జనన సూచికను తల్లి పుట్టింటి ఇంటిపేరుతోనూ, మరణ సూచికను వయసుతోనూ వెదికి రెండింటినీ సరిపోల్చితే వాళ్ళూ బయటపడతారు. పోయిన బిడ్డ పేరునే తరువాతి బిడ్డకు పెట్టుకోవడం ఆ కాలంలో మామూలు గనుక, ఈ శ్రమ పడనివాళ్ళు అన్న జనన పత్రాన్ని తెచ్చి తమ్ముడిదనుకోవడం తరచుగా జరుగుతుంది. అదే కాగితంలో పన్నెండేళ్ళ పిల్లవాడి పేరు పక్కన సగం పూట మిల్లు, సగం పూట బడి అని కనిపిస్తే ఆశ్చర్యపోకండి. అప్పటికి అది చట్టం అనుమతించిన ఏర్పాటే.

పెళ్ళి పత్రం మరొక తరం వెనక్కు తీసుకువెళుతుంది. అందులో వధూవరుల తండ్రుల పేర్లూ వృత్తులూ ఉంటాయి. తల్లుల పేర్లు ఉండవు. పెళ్ళి నమోదులో తల్లికి చోటు దొరికింది 2021 మే 4 నుంచి. సంతకం చేయవలసిన చోట ఇంటూ గుర్తు ఉండి, అది ఫలానావారి నిశాని అని పాదిరి రాసి ఉండవచ్చు. వధూవరులిద్దరికీ ఒకే చిరునామా ఉంటే తొందరపడి ఏమీ ఊహించుకోవద్దు. రెండు చర్చిలలో పెళ్ళి ప్రకటన చదివించి రెండుచోట్లా రుసుము కట్టే బదులు ఒకే చిరునామా చెప్పడం చాలామంది చేసిన పనే. సాక్షుల పేర్లు మాత్రం తప్పకుండా రాసుకోండి. తరచుగా వాళ్ళు వధువు అక్కో, వరుడి బావమరిదో అయి ఉంటారు, మరో జనాభా లెక్కలో పక్కింట్లోనే కనిపిస్తారు.

ఇలా 1901, 1891, 1881 అంటూ పదేళ్ళకొక మెట్టు దిగుతూ వెళితే, మిల్లులోకి మొదట అడుగుపెట్టిన మనిషి ఎక్కడి నుంచి వచ్చాడో తెలుస్తుంది. 1851 నుంచి ఏ పారిష్‌లో, అంటే ఏ చర్చి పరిధిలోని ఊళ్ళో పుట్టారో రాశారు. 1841లో ఆ వివరం లేదు, అదే కౌంటీలో పుట్టారా లేదా అన్నది మాత్రమే ఉంది. పైగా పదిహేనేళ్ళు దాటినవారి వయసును కిందనున్న ఐదు గుణిజానికి తగ్గించి రాయమన్నారు కాబట్టి ముప్ఫైనాలుగేళ్ళ మనిషి ముప్ఫై ఏళ్ళవాడిగా కనిపిస్తాడు. జన్మస్థలం సఫోక్ అని తేలితే, 1835–37 మధ్య పేదల చట్టం కమిషన్ దక్షిణ, తూర్పు కౌంటీల నుంచి కూలి కుటుంబాలను ఉత్తరాది మిల్లులకు పంపిన సంగతి గుర్తు పెట్టుకోండి. మీ వారి పూర్వీకులు అలా వచ్చినవారే కావచ్చు.

1837కు ముందు ఆధారం పారిష్ రిజిస్టర్లే. బాప్తిస్మాలు, పెళ్ళిళ్ళు, ఖననాలు రాసి ఉంచాలని ఎనిమిదో హెన్రీ రాజు మంత్రి థామస్ క్రామ్‌వెల్ 1538లో ఉత్తర్వు ఇచ్చాడు. తండ్రి వృత్తి అన్నిచోట్లా క్రమంగా కనిపించేది 1813లో అచ్చు ఫారాలు వచ్చాకే. వీటితో చాలామంది ఆగిపోతారు. నా ఉద్దేశంలో అసలైన నిధి పక్క పెట్టెలో ఉంది. 1662 నాటి సెటిల్‌మెంట్ చట్టం ప్రకారం ప్రతి పేదవాడూ ఏదో ఒక పారిష్‌కు చెందాలి, అతడు కష్టంలో పడితే ఆదుకునే భారం ఆ పారిష్‌దే. అందుకని పరాయి ఊళ్ళో జబ్బుపడిన కూలివాణ్ణి న్యాయాధికారుల ముందు నిలబెట్టి, ఎక్కడ పుట్టావు, ఎవరి దగ్గర పని నేర్చుకున్నావు, ఎవరి పొలంలో ఏడాది జీతానికి పాలేరుగా ఉన్నావు, జీతం ఎంత, ఎవరిని పెళ్ళాడావు, పిల్లలెందరు అని అడిగి, చెప్పినదంతా రాసుకున్నారు. ఒక ఊళ్ళో పూర్తి ఏడాది జీతానికి కుదిరిన పెళ్ళికాని మనిషికి ఆ ఊళ్ళో హక్కు వచ్చేది కాబట్టి, కొందరు రైతులు యాభై ఒక్క వారాలకే మాట్లాడుకునేవారని కూడా ఈ వాంగ్మూలాల వల్లే తెలుస్తుంది. చదువురాని పాలేరు జీవితచరిత్ర అతని మాటల్లోనే ఒకటిన్నర పేజీ దొరుకుతుంటే, అదే ఊళ్ళో ఏ కష్టమూ లేకుండా బతికిన చిన్న దుకాణదారు గురించి మూడు తేదీలకు మించి దొరకకపోవచ్చు. ఈ కాగితాలు అన్ని పారిష్‌లకూ మిగలలేదు. మిగిలినవి ఆయా కౌంటీ రికార్డు ఆఫీసులలో ఉంటాయి, లాంకషైర్‌వి ప్రెస్టన్‌లో. మెథడిస్టుల వంటి ఇతర శాఖలవారి పాత రిజిస్టర్లు చాలావరకు లండన్‌లోని క్యూ అనే చోట ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి.

ప్రశ్న: మా అత్తగారి వైపు ఒకావిడ 1882లో పుట్టారు. జనన పత్రంలో తండ్రి గడి ఖాళీగా ఉంది. ఇక ఆ వైపు దారి మూసుకుపోయినట్టేనా?

జవాబు: పూర్తిగా మూసుకుపోలేదు. 1875 నుంచి, పెళ్ళికాని తల్లి బిడ్డకు తండ్రి పేరు రాయాలంటే అతడు స్వయంగా ఆమెతో పాటు రిజిస్ట్రారు దగ్గరకు వచ్చి సంతకం పెట్టాలి. కాబట్టి ఆ ఖాళీ గడి వల్ల అతడు రాలేదని మాత్రమే తెలుస్తుంది, తల్లికి తెలియదని కాదు. బిడ్డకు మధ్యపేరుగా ఏదైనా ఇంటిపేరు లాంటిది ఉంటే దాన్ని మొదట అనుమానించండి. బాప్తిస్మపు రిజిస్టరు చూడండి. భరణం కోసం తల్లి న్యాయాధికారుల దగ్గరకు వెళ్ళి ఉంటే ఆ విచారణ స్థానిక పత్రికలో అచ్చయి ఉండవచ్చు. ఆమె పెద్దయ్యాక పెళ్ళి పత్రంలో ఏ తండ్రి పేరు చెప్పారో కూడా చూడవలసిందే గాని, పరువు కోసం తాతగారి పేరునో, లేని మనిషి పేరునో చెప్పినవారు చాలామంది ఉన్నారు కనుక అదొక్కటే సాక్ష్యంగా సరిపోదు. 1891 లెక్కల్లో ఆవిడ అమ్మమ్మ ఇంట్లో అమ్మమ్మ కూతురిగా రాయబడి ఉంటే, తల్లి అక్కగా మారిందన్న మాట. ఇదీ అరుదేమీ కాదు.

ప్రశ్న: 1931 జనాభా లెక్కలు ఎంత వెదికినా కనిపించడం లేదు. ఎప్పుడు విడుదల చేస్తారు?

జవాబు: ఎప్పటికీ చేయరు. ఇంగ్లండ్, వేల్స్‌ల 1931 పత్రాలు 1942 డిసెంబరులో అగ్నిప్రమాదంలో కాలిపోయాయి. యుద్ధం వల్ల 1941లో లెక్కలే తీయలేదు. 1921 లెక్కలు 2022 జనవరిలో విడుదలయ్యాయి. వాటి తరువాత 1939 సెప్టెంబరు 29న తయారైన జాతీయ రిజిస్టరే దిక్కు. ఇందులో పుట్టిన తేదీ పూర్తిగా ఉంటుంది. తరువాతి కాలంలో ఆరోగ్య సేవల నమోదుకు కూడా ఇదే పుస్తకాన్ని వాడారు కనుక, పెళ్ళయిన ఆడవాళ్ళ పాత ఇంటిపేరు కొట్టివేసి పైన కొత్తది రాసి ఉండడం తరచుగా కనిపిస్తుంది. ఆడపడుచుల జాడ తీయడానికి దీన్ని మించినది లేదు.

ప్రశ్న: మా వారి వంశవృక్షాన్ని ఎవరో ఇంటర్నెట్టులో ముందే పెట్టారు. 1790 ప్రాంతపు ఒక పొలం కూలి నుంచి నేరుగా 1500ల నాటి భూస్వామి వరకూ వెళుతోంది. నమ్మవచ్చా?

జవాబు: ఆ కూలి వరకూ పరిశీలించి నమ్మండి. పైన ఉన్నదాన్ని రుజువయ్యేదాకా నమ్మవద్దు. ఇలాంటి వృక్షాలలో జరిగేది సాధారణంగా ఒకటే: సరైన పేరుతో, దాదాపు సరైన ఏడాదిలో ఒక బాప్తిస్మం ఏ పొరుగు కౌంటీలోనో దొరుకుతుంది, దాన్ని తెచ్చి అతికిస్తారు, అక్కడి నుంచి పైకి వేరొకరి వంశం ఎక్కేస్తుంది. బాప్తిస్మం జరిగిన ఆ పారిష్ ఖననాల రిజిస్టరు తెరిచి, తరువాతి ఐదారేళ్ళు వరుసగా చదవండి. ఆ బిడ్డ పేరు అక్కడ కనిపిస్తే మిగతా వృక్షాన్ని చూడనవసరం లేదు. కనిపించకపోయినా, ఆ కుటుంబం మీ కూలి ఉన్న ఊరికి వచ్చిందని చెప్పే వేరొక కాగితం, అంటే సెటిల్‌మెంట్ వాంగ్మూలమో, పేదవాణ్ణి అతని సొంత పారిష్‌కు పంపేయమనే తొలగింపు ఉత్తర్వో, సాక్షిగా చేసిన సంతకమో చేతికి వచ్చేవరకు 1790 దగ్గర గీత గీసి, దాని పైభాగాన్ని పెన్సిలుతోనే రాసుకోండి.